అరచేతుల జాడ

ఒక కాలు వెనక గోడకి తన్నిపెట్టి, రెండు అరచేతులూ కారు వెనక అంచుకి ఆనించి, ఊపిరి బిగబట్టి నెట్టాడు మెత్తాయన. కారు కదలలేదు. కదలకపోవడం దానికి అలవాటే. రెండోసారి నెట్టేసరికి ఎడమ భుజంలోంచి మోచేతి దాకా తీగ లాగినట్టయింది. అప్పుడు కదిలింది, జానెడు. అంతకన్నా అక్కర్లేదు. ఒకేచోట నిలబెడితే టైర్లు బరువుకి అడుగున చదునైపోతాయి. ఈ వారం ముందుకి నెట్టి చక్రం కింద చెక్క పెడతాడు, పై వారం చెక్క తీస్తే నేలవాలుకి అదే వెనక్కి జరుగుతుంది. రెండేళ్ళుగా ఆ కారు చేసిన ప్రయాణమంతా అదే.

చేతులు తీసి చూశాడు. ముదురు నీలం రంగు మీద రెండు అరచేతుల మచ్చలు పక్కపక్కనే, ఆవిరి పట్టినట్టు ఉన్నాయి. వాటిని చూస్తే అతనికి సిగ్గు. తడిగుడ్డతో తుడిస్తే పోయేవే. కానీ అతనికి తృప్తి ఉండదు కదా! డబ్బాలోంచి గోరంత తెల్ల పాలిష్ తీసి, మెత్తటి గుడ్డకి రాసి, చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దాడు. తన మొహం అందులో స్పష్టంగా కనబడేదాకా రుద్దాడు. నెట్టిన ప్రతిసారీ అంతే.

మెత్తాయన అని పేరు పెట్టింది గేటు దగ్గరి వాచ్‌మన్. ఈయన తలుపు వేస్తే చప్పుడవదు, గ్లాసు కింద పెడితే చప్పుడవదు, చివరికి తుమ్మినా ఎవరినో క్షమించమన్నట్టే ఉంటుంది. సన్నటి మనిషి, నడుం కొంచెం వంగింది, వేళ్ళ కొసలు అరిగిపోయి గీతలు కూడా కనబడవు. మీసాలు రాని వయసు నుంచీ పరాయివాళ్ళ వస్తువులకి మెరుపు తేవడమే పని. మొదట చెక్కబల్లలు, ఆ తర్వాత తలుపులు, ఆ తర్వాత ఎక్కడెక్కడో గుద్దుకుని షెడ్డుకొచ్చిన కార్లు. మెరుపు రాగానే ఎవరో వచ్చి తీసుకుపోయేవారు. మెరిపించాక కూడా తన దగ్గరే ఉండిపోయింది ఈ కారొక్కటే.

అలా ఉండిపోవడం కారు మంచితనమూ కాదు, దాన్ని కొన్న సారు మంచితనమూ కాదు. దాన్ని తయారుచేసిన కంపెనీ పెట్టిన రూలు. ఈ రకం కార్లు వాళ్ళు కొద్దిగానే చేశారు. రెండేళ్ళలోపు ఎవరికీ అమ్మకూడదని కొన్నవాళ్ళ చేత ముందే సంతకం పెట్టించుకున్నారు. కాదని అమ్మితే కోర్టుకీడుస్తారు, మళ్ళీ జన్మలో తమ గడప తొక్కనివ్వరు. సారు కొన్నదే లాభానికి అమ్ముకుందామని. కాబట్టి నడపలేదు. నడిపితే మీటరు తిరుగుతుంది, తిరిగితే రేటు పడిపోతుంది. ఇంటి కిందున్న గ్యారేజీలో పెట్టి, చూసుకోవడానికి మెత్తాయనని పెట్టి, పక్కనే ఉన్న చిన్న గది అతనికీ భార్యకీ ఇచ్చాడు.

ఆ రెండేళ్ళూ నిన్నటితో అయిపోయాయి. ఇవాళ మధ్యాహ్నం కొనేవాళ్ళ మనిషి వస్తున్నాడు.

"ఏమండీ, టీ చల్లారిపోతోంది" అంది భార్య, గ్యారేజీ గుమ్మం అవతలే నిలబడి. లోపలికి రాదు. తన గాజులు ఎక్కడ తగులుతాయోనని అతను హడలిపోతాడని ఆమెకి తెలుసు. "అడుగుతారా లేదా ఇవాళ?"

"అడుగుతాను."

"ఏమని అడుగుతారో ఒకసారి అనండి."

గ్లాసు అందుకుని, ఎవరైనా వింటున్నారా అన్నట్టు వెనక్కి చూసి అన్నాడు. "కారుతో పాటు నన్ను కూడా తీసుకెళ్ళండి సార్. దీని సంగతి నాకు తెలిసినట్టు ఇంకొకళ్ళకి తెలీదు."

"గట్టిగా అనాలి. మీరు గొణిగితే కారు అడిగిందనుకుంటారు."

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు. కారు పోతే పని పోతుంది, పని పోతే గది పోతుంది. ఈ వయసులో సామాను నెత్తిన పెట్టుకుని ఎక్కడికని పోతారు? పిల్లలు లేరు. ఆ మాట మాట్లాడుకోవడం ఇద్దరూ ఎప్పుడో మానేశారు.

ఆమె కళ్ళు యథాప్రకారం స్విచ్చిబోర్డు పక్కనున్న మేకు మీదికి పోయాయి. మేకుకి దారం, దారానికి అతని పెళ్ళి ఉంగరం. ఈ పనిలో ఒంటి మీద గట్టిది ఏదీ ఉండకూడదు. బెల్టు లేదు, వాచీ లేదు. చొక్కాకి గుండీలు తీసేసి గుడ్డముళ్ళు కుట్టించుకున్నాడు. కుట్టింది ఆమే, తిట్టుకుంటూనే. మొదట్లో ఉంగరం పొద్దున తీసి, సాయంత్రం పెట్టుకునేవాడు. నెట్టి నెట్టి వేలి కణుపులు లావెక్కాయి. ఒక సాయంత్రం ఉంగరం కణుపు దాటి దిగలేదు. అప్పట్నుంచి అది మేకుకే ఉండిపోయింది.

"నా మొగుడి ఉంగరం తీయించింది, మహాతల్లి!" అని కారు వైపు చూసి మూతి తిప్పుకుని వెళ్ళింది.

పదిగంటల వేళ వాచ్‌మన్ వచ్చి గుమ్మం దగ్గర కూలబడ్డాడు. నోరు ఊరికే ఉండే మనిషి కాదు.

"ఏం అన్నా, పిల్లని పంపించేస్తున్నారా? ఆ కంపెనీ వాళ్ళు మరీను. పిల్లనిచ్చిన వియ్యంకుల్లా వచ్చి, సరిగ్గా చూసుకుంటున్నారా లేదా అని ఆరా తీసి పోయేవాళ్ళు. నా చెప్పులు నేను అమ్ముకోడానికి, కుట్టినవాణ్ణి అడగాలా?"

"నువ్వు చెప్పులేసుకుని తిరుగుతావు" అన్నాడు మెత్తాయన. "సారు దీన్ని ఏనాడైనా తిప్పాడా?"

"తిప్పకపోతే ఏం? డబ్బు పోసింది ఆయన. ఆయన సొమ్ము ఆయనిష్టం."

"కొనేది అమ్ముకోడానికే అయితే, ఇష్టపడి నడుపుకునేవాడికి ఎప్పటికి దొరుకుతుందిరా? అందుకే ఆ రూలు పెట్టారు."

"నీకు దొరికిందిగా, నడపకుండానే!" అని వాచ్‌మన్ పడీపడీ నవ్వాడు.

ఆ మాటలు మెత్తాయన సొంతవి కావు. పోయిన ఏడాది కారు ఇంకా ఇక్కడే ఉందో లేదో చూడడానికి కంపెనీ నుంచి ఒక అమ్మాయి వచ్చింది, ఆమె అన్నవి. సారు ఆమెతో పెద్ద గొడవే వేసుకున్నాడు, కొన్న వస్తువు మీద మళ్ళీ మీ పెత్తనమేంటని. ఆమె ఓపిగ్గా, సంతకం పెట్టారు కదండీ అంది. వెళ్ళేముందు రంగు మీద వేలు ఆనకుండా వంగి చూసి, మెత్తాయన వైపు తిరిగి, "మీలాంటి వాళ్ళ దగ్గర ఉండాలనేనండీ మా రూలు" అంది. మర్యాదకే అని ఉంటుంది. కానీ ఈయనతో అంత మాట ఇంతవరకూ ఎవరన్నారు గనక? ఆ రాత్రి భార్యకి మూడుసార్లు చెప్పాడు. అప్పట్నుంచి పాలిష్‌తో ఇంకో విడత ఎక్కువే రుద్దుతున్నాడు.

మధ్యాహ్నం సారు, కొనేవాళ్ళ మనిషి కలిసి వచ్చారు. వచ్చినాయన పొట్టిగా, శుభ్రంగా ఉన్నాడు, మాట నెమ్మది. చేతికి తెల్ల తొడుగులు, చేతిలో అగ్గిపెట్టెంత మీటరు. దాన్ని రంగుకి ఆనిస్తే ఎంత మందాన పూత ఉందో అంకె చెబుతుందట. కారు పైకప్పు నుంచి తలుపుల దాకా ఒక్కో చోటే ఆనించి, అంకె చూసి, తల ఊపుతూ వస్తున్నాడు. సారు అతని వెనకాలే నడుస్తున్నాడు. మెత్తాయన గోడకి అతుక్కుని నిలబడి, పొద్దుటి వాక్యాన్ని లోపల్లోపల తిప్పుకుంటున్నాడు.

మీటరాయన కారు వెనక్కి వచ్చి ఆగాడు. ఒకచోట ఆనించాడు. అంకె చూసి మీటరు తుడిచి మళ్ళీ ఆనించాడు. పక్కకి జరిగి మళ్ళీ. తర్వాత జేబులోంచి సుద్దముక్కలాంటిది తీసి, చుక్కలు పెట్టుకుంటూ పోయాడు. చుక్కలు పెట్టడం అయ్యేసరికి అక్కడ రెండు చేతుల ఆకారాలు కనిపించాయి.

"ఇక్కడ పూత బాగా పల్చబడిపోయింది సార్" అన్నాడు. "ఎవరో తెగ రుద్దారు. ఇంకొన్నాళ్ళు పోతే రంగు లేచిపోయేది. మళ్ళీ పూత వేస్తే ఇది కంపెనీ నుంచి వచ్చిన రంగు కాకుండా పోతుంది. వెయ్యకపోతే ఇది ఇలాగే ఉంటుంది. ఎలా చూసినా రేటు తగ్గుతుంది."

సారు మెత్తాయన వైపు తిరిగాడు. మెత్తాయనకి అబద్ధం ఆడొచ్చన్న ఆలోచన కూడా రాలేదు.

"నేనేనండీ" అన్నాడు. "నెట్టినప్పుడు చేతి మచ్చలు పడేవి. అవి పోవాలని..."

"నెట్టమన్నాను. రుద్దమన్నానా?"

"మచ్చలు ఉంచెయ్యడం బాగుండదని సార్."

అతను అనుకున్న వాక్యం అనాల్సిన సమయం అది కాదు. అయినా ఇంకో సమయం రాదని భయమేసిందేమో, అనేశాడు. భార్య చెప్పినంత గట్టిగానే అన్నాడు. "కారుతో పాటు నన్ను కూడా తీసుకెళ్ళండి సార్. దీని సంగతి నాకు తెలిసినట్టు..."

మీటరాయన వెక్కిరించలేదు. వెక్కిరించినా బాగుండేది. తొడుగులు ఊడదీసుకుంటూ జాలిగా చెప్పాడు. "మా దగ్గర దాన్నెవరూ ముట్టుకోరు పెద్దాయనా. అద్దాల గదిలో పెట్టేస్తాం. లోపలికెళ్ళే గాలి కూడా వడకట్టే పంపుతాం. టైర్లు నేలకి ఆనకుండా పైకెత్తేస్తాం. మనిషితో పనుండదు."

సారు కాసేపు గడ్డం రుద్దుకున్నాడు. చెడ్డవాడు కాడు, అరిచే రకం అసలే కాదు. "గదిలో ఇంకొన్నాళ్ళు ఉండండయ్యా, తొందరేం లేదు" అన్నాడు. "రెండేళ్ళూ ఆగి రూలు పాటించానని కంపెనీ వాళ్ళు ఇంకో కారు ఇస్తామన్నారు. దానికి నేనూ అద్దాల గదే కట్టించుకుంటాను." రెండడుగులు వేసి, ఆగి, కోపం లేకుండానే అన్నాడు. "నువ్వు దాన్ని అంత చూసుకోకుండా ఉంటే సరిపోయేది."

తగ్గిన రేటుకే బేరం కుదిరి, లారీ వచ్చింది. డ్రైవరు కారులో కూర్చుని ఇంజను స్టార్టు చేశాడు. గ్యారేజీ గోడలు అదిరాయి. చెక్కముక్క పక్కకి పడింది, చక్రం కదిలింది, ఒక చుట్టు తిరిగింది, ఇంకో చుట్టు తిరిగింది. మెత్తాయన నోరు తెరుచుకుని చూశాడు. ఆ చక్రం పూర్తిగా తిరగ్గా చూడడం అతనికి అదే మొదలు. చుక్కలు తుడవాలని గుడ్డ తీసి ముందుకి వెళ్ళాడు గాని, మీటరాయన చెయ్యి అడ్డం పెట్టాడు. సుద్దచుక్కల చేతులు రెండూ అలాగే లారీ ఎక్కాయి, తలుపులు మూసుకున్నాయి.

గుమ్మం అవతల నిలబడి అంతా విన్న భార్య ఈసారి లోపలికొచ్చింది. గాజులు చప్పుడు చేస్తూనే వచ్చింది. ఖాళీ నేల మీద నిలబడి చుట్టూ చూసింది. ఇంత పెద్దదా ఈ గ్యారేజీ అనిపించింది. అతని మొహం వైపు చూసింది.

"పోనీండి" అంది. "అన్నం పెడతాను, రండి."

"నువ్వు వడ్డించు, వస్తాను. చెయ్యి కాస్త నొప్పిగా ఉంది."

ఆమె వెళ్ళాక మేకు నుంచి ఉంగరం తీశాడు. ఇక గీత పడడానికి ఏముంది గనక? వేలికి ఎక్కించాడు. కణుపు దగ్గర ఆగింది. డబ్బాలో మిగిలిన పాలిష్ వేలికి రాసి మళ్ళీ ప్రయత్నించాడు. తిప్పాడు, నొక్కాడు. కణుపు ఎర్రబడింది గాని దారివ్వలేదు. కారుకి అంత పని చేసిన పాలిష్ దీనికి పనికిరాకపోవడం తల్చుకుని చిన్నగా నవ్వుకున్నాడు. పాలిష్ అంటిన ఉంగరాన్ని మళ్ళీ దారానికి కట్టి, మేకుకి తగిలించి, గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. భుజంలోని తీగ ఛాతీ దాకా పాకింది. అలవాటు కొద్దీ చప్పుడు చెయ్యలేదు.

అన్నం వడ్డించి పిలిచింది. పలకలేదు. బాధపడుతున్నాడు కదా, కాసేపు వదిలేద్దాం అనుకుంది. సాయంత్రం లైటు వెయ్యడానికి వచ్చిన వాచ్‌మన్, "ఏం అన్నా, నిద్రా?" అన్నాడు. దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యి వేశాక గాని తెలియలేదు. ఎప్పుడు పోయాడో, గోడకి అవతల కంచం ముందు కూర్చున్న భార్యకి కూడా వినబడలేదు. అంత మెత్తగా పోయాడు.

కొన్నాళ్ళకి అద్దాలు బిగించేవాళ్ళు కొలతలు తీసుకోవడానికి వచ్చారు. ఆమె గది ఖాళీ చేసి, మూట వాకిట్లో పెట్టి, గ్యారేజీలోకి వెళ్ళింది. దారం ముడి విప్పబోతే రాలేదు. ఆయన ముళ్ళన్నీ అంతే, మెత్తగా కనబడతాయి గాని ఊడవు. పంటితో కొరికి ఉంగరం తీసుకుంది. ఏ వేలికి పెట్టినా జారిపోతుంటే, బొటనవేలికి పెట్టుకుని, పిడికిలి బిగించి బయటికి నడిచింది.

మేకుకి దారం ఉండిపోయింది, కొసన తెల్ల పాలిష్ ఎండి గట్టిపడి, ఉంగరం ఇంకా దానికే వేలాడుతున్నట్టు తిన్నగా.