పీరును దాచిందెవరు?

కామారెడ్డి డిగ్రీ కాలేజీలో పీరయ్య పేరు విన్నవాళ్లు కొందరు, హిందువుల పిల్లవాడికి ఈ పేరేమిటని అడిగేవారు. అడిగినవాళ్లది ఈ ప్రాంతం కాదని అక్కడే తేలిపోయేది. ఎల్లారెడ్డి అవతలి పల్లెల్లో వెతికితే ఊరికి నలుగురు పీరయ్యలు దొరుకుతారు. ఇతని తల్లి సాలవ్వకు చాలా ఏళ్లు కడుపు పండలేదు, పండాక ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారు. మొహర్రంలో ఊరేగించే చేతి ఆకారపు పంజా, ఊరి పెద్ద పీరుకు ఎండుకొబ్బరి కుడుకల దండ వేసి, ఈసారి బతికితే నీ పేరే పెడతానని మొక్కింది. మూడోవాడు బతికాడు. అప్పటినుంచి ఏటా మొహర్రంలో పీరు లేచిన రోజున ఆ తల్లి రొట్టెలో బెల్లం కలిపి మలీద ముద్దలు చేసి, ఎంత ఎదిగిన కొడుకునైనా సరే చెయ్యి పట్టుకొని పీరు ముందు నిలబెట్టేది.

ఎనభై ఆరులో చరిత్ర లెక్చరర్ స్వామిదాసు సారుకు ఒక పిచ్చి పట్టింది. మంచి పిచ్చే లెండి. రాజుల పేర్లు బట్టీ పట్టింది చాలు, మీ ఊళ్ల చరిత్ర మీరే రాయండి, దాన్ని పత్రికగా తెద్దాం అన్నాడు. పత్రికకు ‘ఆనవాలు’ అని పేరు కూడా పెట్టేశాడు. అచ్చు వేసే స్థోమత లేదు కాబట్టి స్టెన్సిల్ మీద రాసి సైక్లోస్టైల్ తీయాలి. క్లాసులో అందరిలోకీ అక్షరాలు ముత్యాల్లా ఉండేది జమీర్‌కు. వాడే సంపాదకుడయ్యాడు. సారు ఒక్కటే షరతు పెట్టాడు. ఒక్కరి నోట విన్నది రాయకూడదు. ఇద్దరి నోట ఒకే మాట వస్తేనే అది చరిత్ర.

పీరయ్య ఎగిరి గంతేశాడు. అతనికిది నల్లేరు మీద బండి నడకే. నలభై ఎనిమిదిలో పోలీసు చర్య నాటి గడబిడలో ఊరివాళ్లు పెద్ద పీరును దాచి కాపాడారని ఊళ్లో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. దాచింది ఎవరో చెప్పగల ముసలివాళ్లిద్దరూ బతికే ఉన్నారు. పీర్ల కొట్టం చూసుకునే ముజావర్ ఘనీ ఒకరు. కొట్టం ముందు నిప్పుల గుండం తవ్వే హక్కు తాతల నాటి నుంచీ ఉన్న రైతు ముత్తయ్య ఇంకొకరు. ఇద్దరినీ అడగాలి, రాయాలి, అంతే.

శనివారం బస్సెక్కి ఊరికి వచ్చి ముందు ముత్తయ్యను అడిగాడు. ముసలాయన చుట్ట ముట్టించుకొని, దాచింది నేను కాదు, ఘనీ సాబు అన్నాడు. ఎక్కడ దాచాడని అడిగితే, అది ఆయన్నే అడగమన్నాడు. పీరయ్య సంతోషంగా ఘనీ ఇంటికి పోయాడు. ఘనీ గడ్డం నిమురుకొని, నేనెక్కడ దాచాను, దాచింది ముత్తయ్య అన్నాడు. ఎక్కడంటే, ముత్తయ్యనే అడుగు అన్నాడు.

పీరయ్య బుర్ర తిరిగింది. లోకంలో ఎవరైనా మంచి పని నేను చేశానంటే నేను చేశానని కొట్టుకుంటారు. చెయ్యనివాళ్లు కూడా చేశామంటారు. వీళ్లేమిటి, పెళ్లి పంక్తిలో మీరు కూర్చోండంటే మీరు కూర్చోండన్నట్టు పుణ్యాన్ని ఒకరి మీదికి ఒకరు తోసుకుంటున్నారు? మర్యాద అనుకుందామంటే, వీళ్లిద్దరూ గట్టు దగ్గర నీళ్ల కోసం ఊరంతా వినేలా తిట్టుకున్నవాళ్లే. ఒకసారి మతిమరుపు అనుకున్నాడు. ఇంకోసారి తననే ఆట పట్టిస్తున్నారేమో అనుకున్నాడు. మరుసటి శనివారం మళ్లీ పోయాడు. మళ్లీ అదే మాట. ఆ పై వారం కూడా అంతే.

కామారెడ్డిలో జమీర్ స్టెన్సిల్ పట్టుకొని కూర్చున్నాడు. ఎవడో ఒకడి పేరు చెప్పు, రాసి పారేస్తా అన్నాడు. ఇద్దరి పేర్లూ రాద్దామా అంటే సారు ఒప్పుకోడు. ఇద్దరు సాక్షులూ ఉన్నారు కానీ ఇద్దరి మాటా ఒకటి కాదాయె. పీరయ్యకు చదువు మీదే అనుమానం వచ్చింది.

చివరికి ఒక ఉపాయం చేశాడు. ఎల్లారెడ్డి అంగడి నాడు ఇద్దరూ తప్పకుండా వస్తారు. బస్టాండు ముందరి హోటల్లో ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, ఒకరి ముందే ఇంకొకరిని అడిగాడు. ముత్తయ్య నవ్వాడు. ఘనీ కూడా నవ్వాడు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత ఘనీ లేచి, బయటికి రమ్మని పీరయ్యకు సైగ చేశాడు. ముగ్గురూ లింగంపేట రోడ్డు మీద, జనం పలచబడేదాకా నడిచారు.

“దాయనీకి ఉంటె గద, బిడ్డా” అన్నాడు ఘనీ.

పీరయ్యకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాడు.

జరిగింది ఇద్దరూ కలిసి చెప్పారు, ఒకరు ఆగితే ఇంకొకరు అందుకుంటూ. ఆ గడబిడలో మొదట రజాకార్లకు భయపడి ముత్తయ్య వాళ్లు ఊరు విడిచారు, తర్వాత సైన్యం వచ్చాక ఘనీ వాళ్లు విడిచారు. ఇద్దరూ తిరిగి వచ్చేసరికి కొట్టం తలుపు ఊడి ఉంది, లోపల పీరు లేదు. ఎవరు ఎత్తుకుపోయారో దేవుడికే తెలియాలి. ఊళ్లో ఒకరి ఇంటి నిప్పు ఇంకొకరు తీసుకోవడం మానేశారు. వీళ్లిద్దరికీ కూడా మాటల్లేవు. మొహర్రం దగ్గరపడింది. గుండం తవ్వాల్సిన ముత్తయ్య ఒకరోజు పార భుజాన వేసుకొని ఘనీ గడప ముందుకు వచ్చి నిలబడ్డాడు. పార కింద పెట్టి నిలబడ్డాడు, అంతే. ఇద్దరూ ఎవరికీ చెప్పకుండా మెతుకుసీమ వైపు ఒక కంచరి దగ్గరికి పోయి, గుర్తున్నంతవరకు చెప్పి, కొత్త ఇత్తడి పంజా పోయించి తెచ్చి, నూనె మసి పట్టించి కొట్టంలో నిలబెట్టారు. ఎవరో దాచి కాపాడిన పాత పీరే అని ఊరు అనుకుంది.

“నేను దాచిన అని మేమిద్దరం ఎన్నడు అనలే” అన్నాడు ముత్తయ్య. “అడిగినోనికల్లా ఆయన్ని అడుగు అన్న. ఆయన నన్ను అడుగు అన్నడు. ఇన్నేండ్లల్ల ఇద్దరిని అడిగినోడు నువ్వే, పోరడా.”

రాస్తావో మానుతావో నీ ఇష్టం అని చెప్పి, ఆ పెద్దమనుషులు అంగడి సామాను సంచులు సర్దుకొని హాయిగా వెళ్లిపోయారు. నలభై ఏళ్ల బరువు దించి ఇరవై ఏళ్లవాడి నెత్తిన పెట్టి పోయారు.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. నిజం దొరికింది. ఇద్దరు సాక్షులు, ఒకే మాట, సారు అడిగినట్టే. రాస్తే స్వామిదాసు సారు భుజం తడతాడు. కానీ ఆ పత్రిక ఊరికి పోతుంది, ఎవడో ఒకడు చదివి సాలవ్వకు చెబుతాడు. నువ్వు మొక్కింది పాత పీరుకు కాదు, నిన్నగాక మొన్న పోయించిన ఇత్తడికి అంటే ఆ తల్లి ఏమైపోవాలి? అసలు తానెవరు? ఎవరి దయతో బతికాడు? దేవుళ్ల సంగతి పెద్దగా పట్టించుకోని పీరయ్య, బస్సు కిటికీ దగ్గర కూర్చొని ఈ ప్రశ్నకు భయపడ్డాడు. నిజంగానే భయపడ్డాడు.

జమీర్‌కు కూడా చెప్పలేదు. స్టెన్సిల్ మీద రాయడానికి ఇచ్చిన కాగితంలో చివర మూడే వాక్యాలు ఉన్నాయి. పీరును దాచింది ఘనీ అని ముత్తయ్య అంటాడు. దాచింది ముత్తయ్య అని ఘనీ అంటాడు. ఈ వ్యాసకర్త తేల్చలేకపోయాడు.

స్వామిదాసు సారు చదివి కళ్లద్దాలు తీశాడు. చరిత్ర రాయమంటే పొడుపు కథ రాశావేమయ్యా అన్నాడు. అయినా వేరే వ్యాసం లేక వేయించాడు. సిరా వాసన పోని కాపీ ఒకటి మడిచి సంచిలో పెట్టుకొని, మొహర్రం సెలవులకు పీరయ్య ఊరికి వచ్చాడు.

సాలవ్వ అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతోంది. చదివి వినిపించమంది. కొడుకు రాసింది కదా, మొదటినుంచి చివరిదాకా వింది. చెయ్యి ఆగలేదు. ఆకు కత్తిరించడం, తంబాకు పొయ్యడం, దారం చుట్టడం, అన్నీ సాగుతూనే ఉన్నాయి. చివరి మూడు వాక్యాలు పీరయ్య గబగబా చదివేశాడు.

“ఇద్దరు మంచిగనే చెప్పిండ్రు” అంది సాలవ్వ. “దాచింది ఎవ్వరు గాదు. అది కొత్తది.”

పీరయ్య చేతిలోని పత్రికను కిందికి దించాడు.

ఆమె అప్పటికి కాపురానికి వచ్చి ఏడాది కూడా కాలేదట. బాట పక్క చేన్లో కలుపు తీస్తుంటే బండి ఆగింది. ఘనీ, ముత్తయ్య దిగారు. వెంట గోనె మూట. ఒక కొస జారి లోపల ఇత్తడి పంజా తళుక్కుమంది. పాత పీరు అంతగా మెరిసేది కాదు, నూనె పట్టి నల్లబడి ఉండేది. ఆమె చూసింది, తల వంచుకొని కలుపు తీసుకుంది.

“మరి ముందుగాల నాకెందుకు చెప్పలే, అవ్వా?”

“నువ్వు నన్నెప్పుడు అడిగినవ్?”

అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. మూడు శనివారాలు ఊరంతా తిరిగిన పరిశోధకుడు సొంత ఇంటి అరుగు మీద కూర్చున్న మనిషిని అడగలేదు. ఆ సిగ్గు కన్నా పెద్ద ప్రశ్న ఇంకొకటి మిగిలి ఉంది. అడగడానికి మనసు రాలేదు, మానడానికీ రాలేదు.

“కొత్తదని తెలిసే మొక్కినవా?”

సాలవ్వ చెయ్యి మొదటిసారి ఆగింది.

“తెలిసే మొక్కిన. ఒక్కడు సంకల పెట్టుకొని పోయేటంత మూట, కొడుకా. దాన్ని ఇద్దరు చెరొక దిక్కు పట్టుకొని నడిసిండ్రు. ఒగరి మొకం ఒగరు చూసుకోనోళ్లు. ఊళ్లెకు రాకముందే గది గంత పని చేసింది. గసొంటిది నాకు ఒక పిల్లగాన్ని ఇయ్యదా అనుకున్న. ఇచ్చింది.”

ఇంకో ఆకు అందుకుంది. కొట్టం వైపు ముత్తయ్య గుండం తవ్వుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఇది కూడా రాస్తావా అని సాలవ్వ అడిగింది. పీరయ్య పెన్ను మూత తీశాడు, మళ్లీ పెట్టాడు. తెలిసినట్టూ ఉంది, ఏమీ తెలియనట్టూ ఉంది. పత్రిక పక్కన పెట్టి తల్లి చాటకు దగ్గరగా జరిగాడు.

“ఆ మూట ఎట్ల పట్టుకొచ్చిండ్రో మళ్లొకపారి చెప్పవ్వా” అన్నాడు.