దాటేసిన వాక్యం

యూనివర్సిటీలో చేరి మూడు నెలలు నిండలేదు, అప్పుడే వీధిలో అందరూ ఆ పిల్లని లాయరమ్మ అనడం మొదలుపెట్టారు. తను చదివేది లా కాదని, నీతి, సమాజం, చట్టం కలిపిన డిగ్రీ అని మొదట్లో ఓపిగ్గా చెప్పింది. "మూడూ ఒకేసారా? మాకు ఒక్కటి దొరికితే చాలు తల్లీ," అన్నాడు ఇస్త్రీ బండాయన. దాంతో చెప్పడం మానేసింది.

తల్లి ఆసుపత్రిలో ఆయా. ఎముకల వార్డులో పక్కలు మార్చడం, రోగుల్ని లేపి కూర్చోబెట్టడం ఒక ఎత్తయితే, ఆపరేషన్‌కి ముందు సమ్మతి పత్రం చదివి వినిపించడం ఇంకో ఎత్తు. నిజానికది సిస్టర్ల పని. వాళ్లకి తీరిక లేదు. పైగా ఆయమ్మ గొంతులో ఏదో చలవ ఉందని, ఆమె చదివితే హడలిపోయేవాళ్లు కూడా ఊరుకుని బొటనవేలు చాపుతారని వార్డులో పేరు.

అయితే ఆయమ్మకి చదవడం రాదు. సంతకం ఒక్కటే వచ్చు. ఆ సంగతి తల్లీకూతుళ్లిద్దరికే తెలుసు. ఉద్యోగంలో చేరేటప్పుడు ఎనిమిదో తరగతి అని రాయించుకుంది. చేరిన వారానికే హెడ్ సిస్టర్ ఫారం చేతిలో పెట్టి, రేపటి నుంచి నువ్వే చదువు అనేసరికి ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. కాయితాన్ని మడిచి జాకెట్లో దోపుకుని ఇంటికి పట్టుకొచ్చింది. అప్పుడు కూతురు ఐదో తరగతి. పిల్ల గడప మీద కూర్చుని చదువుతూంటే తల్లి గిన్నెలు తోముతూ వెంటవెంట అనేది. చీకటి పడేలోపు పద్యంలా నోటికి వచ్చేసింది. ఏ మాట దగ్గర వేలు ఎక్కడుండాలో, ఎక్కడ పేజీ తిప్పాలో కూడా పిల్లే నేర్పింది. ఎనిమిదేళ్లుగా ఆ పాఠమే నడుస్తోంది.

ఇప్పుడు ఒక వడ్రంగి వల్ల గొడవ వచ్చింది. పాదంలో మేకు దిగి చీము పడితే శుభ్రం చేయించుకుందామని వచ్చిన మనిషికి, మెలకువ వచ్చేసరికి మోకాలి కింద ఏమీ లేదు. కాలు తీస్తారని తనకెవరూ చెప్పలేదని, చెప్పి ఉంటే ఇంకో డాక్టరుకి చూపించుకునేవాణ్నని ఫిర్యాదు పెట్టాడు. ఫారంలో ఆ మాట ఉంది, ఆయా చదివి వినిపించింది, నువ్వు వేలిముద్ర వేశావు అంది ఆసుపత్రి. విచారణకి తేదీ వేశారు. పర్మనెంట్ చేసేవాళ్ల జాబితాలో ఆయమ్మ పేరుంది. అది ఉంటుందో ఊడుతుందో ఆ రోజే తేలుతుంది.

"నేను ఒక్క అక్షరం వదల్లేదే," అని తల్లి రోజూ అంటూనే ఉంది. కూతురికీ అనుమానం లేదు. తన చేతులతో నేర్పిన పాఠం. వడ్రంగిని తలుచుకుంటేనే ఆమెకి ఒళ్లు మండేది.

ఆ వారం క్లాసులో సమ్మతి గురించి పాఠం. ఇంట్లోవాళ్లు గానీ, తెలిసినవాళ్లు గానీ చదవకుండా సంతకం పెట్టే కాయితం ఏదైనా తెమ్మంది మేడమ్. ఒకడు సిమ్ కార్డు ఫారం తెచ్చాడు. ఇంకొకడు హాస్టల్ ఫారం తెచ్చి, దీని ప్రకారం మేము మనుషులం కామని అందర్నీ నవ్వించాడు. లాయరమ్మ తల్లినడిగి ఖాళీ సమ్మతి పత్రం తెచ్చుకుంది. నిలబడి గడగడా చదివేసింది.

"ఒక లైను దాటేశావు," అంది పక్కన కూర్చున్న పిల్ల, కాయితంలోకి తొంగి చూస్తూ.

లేదంది. మళ్లీ చదివింది. మళ్లీ దాటేసింది. క్లాసంతా గొల్లుమంది. ఈసారి పక్కపిల్ల వేలు పెట్టి చూపించింది. అవసరమని వైద్యులు భావించినచో అంగచ్ఛేదనము గావించుటకు నాకు అభ్యంతరము లేదు.

చ కింద ఛ వత్తు. అది చూడగానే ఆమెకి గడప గుర్తొచ్చింది. ఆ మాట దగ్గర రెండుసార్లు నాలుక మడతపడింది. కానియ్యవే, పొద్దున్నే డ్యూటీ, అంది తల్లి. పిల్ల వేలు ఆ వరస మీంచి కింది వరస మీదకి దూకింది. అంతే.

దానర్థం ఏమిటని మేడమ్ అడిగితే, కాలో చెయ్యో తీసేయడమని చెప్పింది. మంచి ఉదాహరణ తెచ్చావని మేడమ్ మెచ్చుకుంది. మిగతా గంటంతా ఆ మాట రోగికి అర్థమవుతుందా కాదా అని అందరూ తలో మాటా అన్నారు. లాయరమ్మ ఒక్క ముక్క రాసుకోలేదు. ఎనిమిదేళ్లలో ఆ వార్డులో ఎన్ని వేళ్లకి సిరా అంటిందో అనుకుంటూ కూర్చుంది.

సాయంత్రం తల్లి విచారణకి కట్టుకెళ్లే యూనిఫాం చీరకి అంచు కుట్టుకుంటోంది. కూతురు జరిగిందంతా చెప్పింది. సూది మధ్యలో ఆగింది.

"అయితే ఆయన చెప్పేది నిజమేనన్నమాట."

"నిజమే."

తల్లి కుట్టు చివర ముడి వేసింది. దారం కొరికి, చీర మడిచి పక్కన పెట్టింది.

"ఆ ముక్క ఇప్పుడు నేర్పు."

"అమ్మా, అది అబద్ధం చెప్పడమే కదా."

"ఇన్నాళ్లూ నేను చదువుతున్నానని నమ్మించింది నిజమా? నీకు నీతి వచ్చి మూడు నెలలు. అంతకుముందు మన ఇద్దరికీ తిండి పెట్టింది ఈ ఫారమే."

"ఆయన కాలు పోయిందమ్మా."

"నేను నిజం చెబితే మొలుస్తుందా? చదువు రాదని తెలిస్తే రేపే పొమ్మంటారు. నీ చదువూ అక్కడితో సరి." తల్లి గొంతు తగ్గింది. "తప్పు నీదని నేననడం లేదే. అప్పుడు చంటిపిల్లవి. నేర్పమంటున్నాను, అంతే."

కూతురు కాయితం తీసింది. అంగ, అంది. అంగ, అంది తల్లి. ఛేదనము దగ్గర ఆమె నాలుక కూడా సరిగ్గా అక్కడే మడతపడింది. ఏడోసారికి పట్టుబడింది.

"అంటే కోసేయడమేనా?"

"కోసేయడమే."

"మరి కోసేయడం అని రాసి చావొచ్చుగా, దిక్కుమాలినవాళ్లు," అంది తల్లి. ఇద్దరూ నవ్వబోయి ఆగిపోయారు.

విచారణ గది తలుపు ఓరగా తీసి ఉంది. కూతురు వరండాలో బెంచీ మీద కూర్చుంది. లోపల ముగ్గురు పెద్దమనుషులు, ఒక గుమాస్తా. వాళ్ల ఎదురుగా వడ్రంగి, తనే చేసుకున్న చంకకర్ర ఒళ్లో పెట్టుకుని. ఆ రోజు ఎలా చదివావో అలాగే చదవమన్నారు. తల్లి చదివింది. అదే చలవ గొంతు. వేలు ఎక్కడ ఉండాలో అక్కడే ఉంది. కొత్త వాక్యం కూడా పాత వాటిలో కలిసిపోయి, జారకుండా నడిచిపోయింది.

"ఆ ముక్క ఇవాళే వింటున్నాను సార్," అన్నాడు వడ్రంగి.

ఆ రోజు నీకు జ్వరం ఎంత ఉందని అడిగారు. ఒళ్లు తెలియనంత ఉందన్నాడు. గుమాస్తా రాసుకున్నాడు. ఇంకేం అడగలేదు.

తల్లి అటునుంచటే డ్యూటీకి వెళ్లింది. కూతురు బస్టాపుకి వచ్చేసరికి వడ్రంగి అక్కడే ఉన్నాడు. ఆయమ్మ కూతురివి కదూ అన్నాడు. తలూపింది.

"మీ అమ్మ బాగా చదివిందమ్మా. ఎక్కడా తడబడలేదు. ఆ రోజూ అలాగే చదివి ఉంటుంది. జ్వరంలో నా చెవికే ఎక్కలేదేమో." కర్ర మీద బరువు మార్చుకున్నాడు. "ఇన్నాళ్లూ ఆవిడని ఊరికే ఆడిపోసుకున్నాను. ఏమనుకోవద్దన్నానని చెప్పు."

ఆమె బస్సు వచ్చే వైపు చూసింది.

"ఏం చదువుతున్నావు?"

"ఫస్టియర్ అండీ."

ఏం ఫస్టియరో అడగబోయాడు, ఇంతలో బస్సొచ్చింది. కర్ర ఆమెకిచ్చి, రెండు చేతులతో కడ్డీ పట్టుకుని ఒంటికాలితో మెట్టెక్కాడు. కర్ర నున్నగా ఉంది, ఎక్కడా చిన్న పేడు కూడా లేకుండా చిత్రిక పట్టాడు. పైనుంచి చెయ్యి చాపితే అందించింది.

ఆమె ఎక్కాల్సింది కూడా ఆ బస్సే. ఎక్కలేదు.