మలుపు దగ్గర మనిషి

ప్రేమ్‌సాగర్ అబద్ధాలాడే మనిషి కాదని వికారాబాద్‌లో అతని మందుల షాపుకొచ్చే ఎవరినడిగినా చెప్తారు. తారీఖు దాటిన గోలీల డబ్బా కనబడితే పక్కన పారేస్తాడే కాని ఎవరికీ అంటగట్టడు. అలాంటి మనిషి ఒక్క అబద్ధం ఆడాడు. అదీ పెద్దదేం కాదు, రెండు ముక్కలు. దానికే నలభై రోజులుగా అన్నం సహించక, ముప్పై ఏడేళ్ల వయసులో అద్దం ముందు నిలబడి తల దువ్వుకోవడానికి జంకుతున్నాడు. మంచివాళ్లతో ఇదే తంటా. అలవాటు లేని పని చేస్తారు, చేసింది అరాయించుకోలేరు.

ఆదివారం వస్తే చాలు, నలుగురు స్నేహితులు బండ్లు తీసేవారు. అందరికంటే ముందు వెంకటేశం. వయసులో పెద్ద, దారులన్నీ అతనికే తెలుసు. అతని వెనక శ్రీను. వీడికి బండి నడపడం కంటే నడిపినట్టు వీడియో తీయడం ఇష్టం. మూడోవాడు ప్రేమ్‌సాగర్. అందరికంటే వెనక తాండూరు తారిఖ్, ఎవరి బండి మొరాయించినా బాగుచేసేది అతనే కాబట్టి. అనంతగిరి అడవి బాటలు, బంట్వారం చెలకలు, కర్ణాటక సరిహద్దు దాకా పాతగనుల దారులు, తారు రోడ్డు ఒక్కటి తప్ప అన్నీ వాళ్లకు ముద్దే. ఒళ్లంతా మట్టి పూసుకుని సాయంత్రానికి ఇల్లు చేరితే, ఆడవాళ్లు గుమ్మం బయటే ఆపి నాలుగు చీవాట్లు పెట్టాకే లోపలికి రానిచ్చేవారు.

వాళ్లకొక కట్టుబాటు ఉంది. తారిఖ్ పెట్టిందే. దుమ్ములో ముందు బండి కనబడదు, చాలా చోట్ల ఫోన్ పనిచేయదు. అందుకని దారి మళ్లిన ప్రతిచోటా ముందు మళ్లినవాడు ఆగాలి. వెనకవాడు తనను చూశాకే కదలాలి. మలుపు దగ్గర మనిషి ఉంటే అటు తిరగాలి. మనిషి లేకపోతే అక్కడ మలుపు లేనట్టే, సూటిగా పోవాలి. రెండేళ్లుగా ఆ మాట మీదే తిరిగారు, ఒక్కసారి కూడా ఎవరూ తప్పిపోలేదు.

సెప్టెంబరు చివరి ఆదివారం, బంట్వారం దాటాక కంది చేల మధ్య అలాంటి మలుపొకటి వచ్చింది. ఎడమకు తిరిగితే వాగు. సూటిగా పోతే ఎప్పుడో మూతబడ్డ బండల గని. వెంకటేశం, శ్రీను ఎడమకు తిరిగి వాగుకు దిగారు. ప్రేమ్‌సాగర్ మలుపు దగ్గర ఆగాడు. తారిఖ్ రాలేదు. వెనకెక్కడో చైను ఊడితే ఎక్కించుకుంటున్నాడని తర్వాత తెలిసింది. రెండు నిమిషాలయింది, మూడయింది. ఇంతలో వాగు దిక్కు నుంచి శ్రీను కేక.

“అన్నా! నీళ్లు మస్తున్నయ్! కెమెరా వెట్టిన, జల్ది రా!”

ప్రేమ్‌సాగర్‌ది కొన్న నెల కూడా నిండని బండి. రెండు పక్కలా నీళ్లు చిమ్ముకుంటూ వాగు దాటే వీడియో ఒకటి కావాలని అతనికి మహా మోజు. తారిఖ్‌కేం, ఆరితేరినవాడు, టైరు గుర్తులు చూసుకుని వచ్చేస్తాడులే అనుకున్నాడు. పోయాడు. వాగు దగ్గర వెంకటేశం “తారిఖ్ ఏడి?” అంటే, “వస్తుండు” అన్నాడు.

ఒకసారి దాటితే సరిపోలేదు. మొదటిసారి నీళ్లు ఎత్తుగా లేవలేదన్నాడు శ్రీను. రెండోసారి హెల్మెట్ అద్దం కిందికి దిగి మొహం కనబడలేదు. మూడోసారి బ్రహ్మాండంగా వచ్చింది. ముగ్గురూ అవతలి గట్టు మీద కూర్చుని ఆ వీడియో పదిసార్లు చూసుకుని, పొట్లంలో తెచ్చుకున్న మిర్చీలు తిని, ఇంకా రాడేమిటి వీడు అనుకునేసరికి గంట దాటింది.

వెనక్కి తిరిగినప్పుడు ముందుగా మలుపు చేరింది ప్రేమ్‌సాగరే. గని వైపు సూటిగా పోయిన టైరు గుర్తు చూడగానే బండి అటు తిప్పాడు. గని అంచున బండలు పగిలిన ముక్కల కుప్పలు. వాటి అవతల, ఒక మనిషి నిలువు లోతున, తారిఖ్ పడి ఉన్నాడు. అతని కాలి మీద బండి. నొప్పితో పళ్లు బిగబట్టి, ప్రేమ్‌సాగర్ గుంతలోకి దిగగానే అతనన్న మొదటి మాట ఇది:

“సారీ భాయ్. మల్పు కాడ నిన్ను జూడలే.”

ప్రేమ్‌సాగర్ నోరు విప్పేలోపు వెంకటేశం పై నుంచి అరిచాడు. “నువ్వు మల్పు కాడ నిలవడ్డవా లేదా సాగర్?”

“ఆడనే ఉన్న గదా అన్నా. వీని బండి కనవడ్డాకనే కదిలిన.”

ఇదీ ఆ రెండు ముక్కలు. అనాలనుకుని అన్నది కాదు. కాని నోట్లోంచి వచ్చాక వెనక్కి తీసుకోవడానికి ఒక్క క్షణం దొరికింది. ఆ క్షణం అతను బండి ఎత్తడంలో తలమునకలైనట్టు నటించాడు.

తారిఖ్ కాలికి రాడ్ వేసి ఇంటికి పంపారు. ప్రేమ్‌సాగర్ రోజు విడిచి రోజు మధ్యాహ్నం షాపు మూసి తాండూరు పోయేవాడు. మందులు తీసుకెళ్లేవాడు, కట్టు మార్చేవాడు, చేయిచ్చి నడిపించేవాడు. వాకిట్లోనే తారిఖ్ తల్లి చాంద్‌బీ ఎదురొచ్చి, “వచ్చినవా బేటా, సొంత తమ్ముడన్న ఇంత జేస్తడా” అనేది. ఆ మాటకు ప్రేమ్‌సాగర్‌కు ఒళ్లంతా చీమలు పాకినట్టుండేది. ధారూరు నుంచి తాండూరు దాకా దారిపొడుగునా, ఈ రోజు చెప్పేస్తాను అని మాటలు కూర్చుకునేవాడు. చాంద్‌బీ ఛాయ్ చేతికివ్వగానే దాంతోపాటు ఆ మాటల్నీ మింగేసేవాడు.

ఇంతకీ కాలు విరగడం ఒక ఎత్తు, తారిఖ్‌కు పట్టుకున్న బెంగ ఒక ఎత్తు. అతను బండల పాలిష్ యూనిట్‌లో కోత మిషన్ మీద పనిచేస్తాడు. తడిసిన బండ మీద వెంట్రుకంత పగులున్నా పది అడుగుల దూరం నుంచే పట్టేవాడు. ఆ చూపు మీదే అతని పేరూ, బతుకూ. అలాంటి కళ్లకు మలుపు దగ్గర, ఎర్ర జాకెట్ వేసుకుని, బండితో సహా నిలబడ్డ మనిషి కనబడలేదంటే ఎలా? తాండూరులో ఒక కళ్ల డాక్టరు, వికారాబాద్‌లో ఇంకొకరు పరీక్ష చేసి ఏ దోషమూ లేదన్నారు. దాంతో తారిఖ్‌కు ధైర్యం రాలేదు సరికదా, ఉన్నది కూడా పోయింది.

“కండ్లు మంచిగున్నయంటే మరి దిమాగ్‌లనే ఏదో ఉన్నట్టు గద భాయ్? రేపు మిషన్ మీద ఎవని చెయ్యన్న కట్టయితే?”

యజమానికి కబురు పెట్టాడు, కాలు బాగయినా తనను కోత మీద పెట్టొద్దని. డిసెంబరులో ఒంటరిగా కచ్ దాకా పోవాలని, ఆ తెల్లటి ఉప్పు నేల మీద బండి ఆపి నిలబడాలని రెండేళ్లుగా సెలవులు కూడబెట్టుకున్నాడు. అదీ మానుకున్నాడు. ప్రయాణానికని గుడారం గుడ్డతో కుట్టించుకున్న జంట సంచుల్ని ప్రేమ్‌సాగర్ చేతుల్లో పెట్టి, “నువ్వన్న పోయిరా భాయ్, నీ కండ్లతోటి జూసొచ్చి చెప్పు” అన్నాడు. ప్రేమ్‌సాగర్ ఆ సంచుల్ని షాపులో దగ్గుమందు అట్టపెట్టెల వెనక కనబడకుండా దాచాడు. వాటిని చూస్తే సిగ్గుతో తల నేలకు దిగిపోయేది.

అన్నిటికంటే ఘోరం ఇంకొకటి. ఒకనాడు తారిఖ్ కళ్లు మూసుకుని కాసేపు ఆలోచించి అన్నాడు. “ఎర్రగ ఏదో కనవడ్డట్టే యాదికొస్తున్నది భాయ్. నీ జాకిటే కావచ్చు. జూసి గూడ తిరగలే జూడు నేను.” లేని మనిషిని వాడు గుర్తు తెచ్చుకుంటున్నాడు. స్నేహితుడి మాట నిలబెట్టడానికి తన తలలోనే ఒక అబద్ధం కట్టుకుంటున్నాడు. ప్రేమ్‌సాగర్ ఆ రోజు కూడా కట్టు మార్చి వచ్చేశాడు. ఇంటికి పోయేటప్పుడు కోట్‌పల్లి దగ్గర బండి పక్కకు ఆపి, ఛీ, నేనూ ఒక మనిషినేనా అని పైకే తిట్టుకున్నాడు. తిట్టుకోవడం సులువే, అక్కడ వినేవాళ్లెవరూ లేరు.

నవంబరులో తారిఖ్ బండి అమ్మకానికి పెట్టాడు. ఆదివారం పొద్దున బంట్వారం నుంచి శంకరప్ప అనే రైతు చూడటానికి వస్తున్నాడని, నువ్వు కూడా ఉండాలని ప్రేమ్‌సాగర్‌కు ఫోన్ చేశాడు. “నేను చెప్తె అమ్ముకునేటోని మాటంటడు. నువ్వయితే ఉన్నది ఉన్నట్టు చెప్తవ్.”

శంకరప్ప బండి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ట్యాంకు మీద గీతల్ని వేలితో తడిమాడు.

“గింత మంచి బండి ఎందుకు అమ్ముతున్నవ్ తమ్మీ? పడ్డ బండా?”

“పడ్డదే” అన్నాడు తారిఖ్, చంక కింద కర్ర సర్దుకుంటూ. “బండిది తప్పు లేదన్నా. నాదే. నా దోస్తు దారి మీద నిలవడితె గూడ నాకు కనవడలే. నాకు బండి నడిపే లాయఖ్ లేదు, గందుకే అమ్ముతున్న. అడుగు, గాయిననే నిలవడ్డది.”

శంకరప్ప ప్రేమ్‌సాగర్ వైపు చూశాడు. ముక్కూ మొహం తెలియని మనిషి ముందు తారిఖ్ తన తల చెడిపోయిందని, ఏ మొహమాటమూ లేకుండా, నిజాయితీగా చెప్పుకుంటున్నాడు. తాను పక్కన సాక్షిగా నిలబడి ఉన్నాడు. ప్రేమ్‌సాగర్‌కు అక్కడికక్కడ భూమి చీలితే బాగుండుననిపించింది. అది చీలలేదు.

“నేను ఆడ లేకుంటి” అన్నాడు.

“ఏంది భాయ్?”

“మల్పు కాడ నేను లేకుంటి తారిఖ్. శ్రీను పిలిస్తే వీడియో కోసం పోయిన. నిన్ను జూడలే, నీ బండి జూడలే. అబద్ధం జెప్పిన.”

శంకరప్ప ఒకసారి ఇద్దరి మొహాలూ చూసి, “నేను మల్ల ఫోన్ జేస్త” అని గేటు తీసుకుని వెళ్లిపోయాడు.

“అంటే మనిషే లేకుండె” అన్నాడు తారిఖ్ మెల్లగా. “మనిషి లేకుంటె సీదా పోవాలె. పోయిన. కరెక్టే పోయిన నేను!” అంటూ పకపకా నవ్వాడు. నలభై రోజుల్లో అతను నవ్వడం అదే మొదలు. “నా కండ్లు మంచిగున్నయ్ భాయ్! దిమాగ్ మంచిగున్నది!” కళ్లలో నీళ్లు తిరిగాయి. చెంప మీద కొట్టి ఉన్నా ప్రేమ్‌సాగర్ ఓర్చుకునేవాడు. ఆ సంతోషాన్ని చూడలేకపోయాడు.

నవ్వు దానంతటదే ఆగింది.

“ఇడిసిపెట్టి పోయినవ్. సరే. వాగుల నీళ్లు జూస్తె నాకైనా మనసు గుంజుతది. మరి గిన్ని దినాలు మా ఇంట్ల గూసుండి, నాకు పిచ్చి లేస్తున్నదని నేనంటుంటె ఎట్ల ఇన్నవ్?”

“భయమైంది తారిఖ్.”

“నాక్కూడ భయమైంది” అన్నాడు తారిఖ్.

అప్పుడే చాంద్‌బీ ఛాయ్ తీసుకుని బయటికొచ్చింది. కొడుకు చెంపల మీద తడి చూసి గాభరా పడింది. “నా కండ్లు, దిమాగు అంత మంచిగనే ఉన్నయట అమ్మీ, సాగర్ భాయ్ చెప్పిండు” అన్నాడు తారిఖ్ ఉర్దూలో. ఆమె ఏదో రిపోర్టు వచ్చిందనుకుంది. ట్రే అరుగు మీద పెట్టి, రెండు చేతులూ ప్రేమ్‌సాగర్ తల మీదుగా తిప్పి, తన కణతలకు ఆనించుకుని మెటికలు విరిచింది. “నీ నోట్ల చక్కెర వొయ్య బేటా” అంది.

“నాకు చెప్పినవ్ గద” అన్నాడు తారిఖ్. “అమ్మీకి గూడ నువ్వే చెప్పు.”

చెప్పాడు. శ్రీను కేక, వాగు మూడుసార్లు దాటడం, గట్టు మీద మిర్చీలు, గంటసేపు, ఏదీ దాచలేదు. చాంద్‌బీ అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. అరుగు మీద కూర్చుని, కొంగు కొస వేలికి చుట్టుకుంటూ విన్నది.

“గంటసేపు ఒక్కడే ఉన్నడా?”

“ఉన్నడు చాచీ.”

“ఎండల?”

“ఎండలనే.”

“నీళ్లు దగ్గరుండెనా వానికి?”

ప్రేమ్‌సాగర్‌కు తెలియదు. ఇన్నాళ్లూ ఎన్ని మందులు తెచ్చాడు, ఎన్నిసార్లు కట్టు మార్చాడు! తన అబద్ధం ఎక్కడ బయటపడుతుందో అని తప్ప, ఆ గంటసేపు గుంతలో వాడు ఎలా ఉన్నాడని ఒక్కరోజు కూడా అడగలేదు. అడగాలని తట్టనే లేదు.

“తెల్వదు చాచీ.”

చాంద్‌బీ కొడుకు వైపు తిరిగి అదే మాట అడిగింది. తల్లితో ఎప్పుడూ ఉర్దూలోనే మాట్లాడే తారిఖ్ ఈ జవాబు మాత్రం తెలుగులో చెప్పాడు.

“సీసా బండికే ఉండె అమ్మీ, చెయ్యి అందలే. వాగు కాడ్నించి వీళ్ల నవ్వులు ఇనవడుతుండె. బండి సప్పుడు ఇనవడ్డప్పుడల్ల నా కోసమే వస్తున్నరనుకున్న. పిలిచిన. సాగర్ భాయ్ పేరే వెట్టి పిలిచిన.”