చాప మీద బోరు

ఉదయం పూజలో చరాచరములన్నిటా నిండిన స్వామికి మ్రొక్కి, ఉరవకొండలో ఆటో ఎక్కి, పల్లె చివరనున్న బడికి చేరి, అక్కడి పిల్లల చేత ప్రాణమున్నవాటిని ఒక ప్రక్కన, ప్రాణం లేనివాటిని మరొక ప్రక్కన పెట్టించడం హేమావతి చేసే పని. ఈ రెంటికీ పొసగదే అన్న సందేహం ఆమెకు ఒకప్పుడు కలిగేది. ఇప్పుడు మోకాళ్ళ నొప్పి తప్ప మరే సందేహానికీ తీరిక లేదు. మాంటిస్సోరి గదిలో ఉపాధ్యాయురాలు పిల్ల పరచుకున్న చాప ప్రక్కన నేల మీదనే కూర్చోవాలి. అరవై దాటిన దేహానికి కూర్చోవడమే ఒక వ్రతం. లేవడం దానికి ఉద్యాపన.

ఆషాఢం సగమైనా చినుకు రాలలేదు. దున్ని వదలిన చేల దుమ్మును గాలి తెచ్చి కొయ్య సామగ్రి మీద పరుస్తున్నది. ఆయా బయమ్మ తుడుస్తూనే ఉన్నది.

బడి యజమాని శశికుమార్ నిన్ననే చెప్పిపోయాడు. "ఇంకొక్క పిల్ల తగ్గిందంటే ఈ రూము నడపలేను మేడం. టీవీ పెట్టి స్మార్టు క్లాసు చేస్తా. మీ చెక్క సామానంతా గోడౌనుకే." ఆయన దుష్టుడు కాడు. ఈ నేల మీద బడి నడపడం ఆయనకూ భారమే. హేమావతి వాదించలేదు. వాదించవలసిన మాటలన్నీ ఇదివరకే అనేసి ఉన్నది.

ఈనాటి మధ్యాహ్నం ఓబిలేషు వచ్చి గుమ్మంలో నిలబడినప్పుడు, ఆ తగ్గబోయే పిల్ల ఎవరో ఆమెకు తెలిసిపోయింది. అతడు వేరుశనగ రైతు. ఐదేళ్ళ గౌతమికి తండ్రి.

"కూర్చోప్పా," అన్నది.

"కూర్చునే పనేం లేదు మేడం. పాపకు టీసీ ఇప్పించండి. ఉరవకొండ బడి వ్యాను మా ఇంటి ముందరికే వస్తాండాది. ఆడ దినామూ నోట్సు రాపిస్తారంట."

"ఈడ ఏమీ నేర్చుకోలేదంటావా?"

"మీరే చెప్పండి. రెండేండ్లాయె. ఈ పొద్దు ఏం నేర్చుకున్యావమ్మా అంటే, ఈ జగ్గులో నుంచి ఆ జగ్గులోకి నీళ్ళు పోసినా నాయనా అంటాది. అది నేర్చుకునేకి బడి ఎందుకు? అసలు పోసేకి నీళ్ళు యాడుండాయి?"

బయమ్మ చీపురు ఆపింది. "నీ బిడ్డ ఒక్క చుక్క కింద పడనీదు ఓబిలేషూ. నువ్వు టీ తాగితే సగం అంగీకే."

"నువ్వుండక్కా," అన్నాడతడు. నవ్వలేదు.

"పాప పనిలో ఉన్నది. అది ముగిసేదాకా ఉండు. నడుమ లేపగూడదు," అన్నది హేమావతి. అది అతనిని ఆపడానికి చెప్పిన మాట కాదు; ఆ గది నియమమే అది.

నది పేరు పెట్టుకొని నదిని ఎన్నడూ చూడని ఆ పిల్ల, చాప మీద బొమ్మల అట్టలు పేర్చుకుంటున్నది. అవి హేమావతి స్వయంగా గీసినవి. మేక, కోడి, వేపచెట్టు ఎడమ ప్రక్కకు చేరాయి, అవి ప్రాణమున్నవి. బండరాయి, బిందె, ట్రాక్టరు కుడి ప్రక్కకు చేరాయి. చివరగా చేతిలో మిగిలినది బోరు. గౌతమి దానిని కాసేపు చూచి, మేక ప్రక్కన పెట్టింది.

"చూసినారా మేడం? ఇదీ మీ సైన్సు," అన్నాడు ఓబిలేషు. "బోరుకు పానముంటాదా?"

పిల్లను తప్పు అనడం ఈ పద్ధతిలో లేదు. ప్రతి అట్ట వెనుక ఒక చుక్క ఉంటుంది: ప్రాణముంటే పచ్చది, లేకుంటే ఎర్రది. తన తప్పును పిల్లే తిప్పి చూచుకుంటుంది.

"ఎందుకు పెట్టినావమ్మా ఆడ?" అని మాత్రం హేమావతి అడిగింది.

"మా బోరు సచ్చిపోయింది కదా మేడం. నాయనే చెప్పినాడు. పానముంటేనే కదా సచ్చేది?"

ఓబిలేషు గోడ వైపు చూచాడు.

"సరే. ప్రాణమున్నది తింటుందని చెప్పుకున్నాము. బోరు ఏమి తింటాది?"

"దుడ్లు." పిల్ల తడుముకోలేదు. "అప్పు తెచ్చిన దుడ్లన్నీ అదే తినేసిందని అవ్వ అంటాది."

బయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

"పెరుగుతాదా?"

"పెరుగుతాది. బోరేసే లారీ వచ్చినప్పుడల్లా ఇంకా లోతుకు పోతాది."

"పిల్లలు పుడతాయా?"

"మా చేన్లో నాలుగుండాయి మేడం." కొంచెం ఆగి, "అన్నీ సచ్చిపోయినాయి," అన్నది.

ఓబిలేషుకు వచ్చిన నవ్వు దగ్గుగా మారింది. హేమావతికి అడగడానికి మరేమీ మిగలలేదు. ఎందరో పిల్లలకు తాను చెప్పిన లక్షణాలన్నిటినీ ఆ బోరు నెరవేర్చుకొని కూర్చున్నది.

"వెనక్కి తిప్పి చూడమ్మా," అన్నది అలసటగా.

ఎర్ర చుక్క. పిల్ల దానిని చూచి, తండ్రిని చూచింది.

"నాయనా, మన బోరు సావలేదా?"

ఓబిలేషు అప్పుడు నేల మీద కూర్చున్నాడు. "సావలేదమ్మా. దానికి పానమే లేదు. ఆ బండ ఉండాది చూడు, అట్లాంటిదే. నీళ్ళు అయిపోయినాయి, అంతే. ఊరికే మాటకు అంటాము."

"మరి అవ్వ ఎందుకు ఏడ్చింది?"

గౌతమి అట్టను ఎడమ ప్రక్క నుండి తీసింది. కుడి ప్రక్కకు తీసుకుపోతూ మధ్యలో ఆగి, అక్కడే, రెండు వరుసల నడుమ పెట్టింది.

"బోరు కాదేమో మేడం. సచ్చిపోయింది నీళ్ళేమో. నీళ్ళ బొమ్మ లేదు. గీసిస్తారా?"

"రేపు గీసిస్తాను."

పిల్ల లేచి, గోడ మేకుకు వ్రేలాడుతున్న తన పేరుబిళ్ళను తెచ్చి చాప అంచున ఉంచింది. ఓబిలేషు ఏమిటన్నట్లు చూచాడు.

"పని ముగియలేదని గుర్తు," అన్నది హేమావతి. "బిళ్ళ ఉన్న చాపను ఎవరూ తీయరు. పిల్లే వచ్చి ముగించుకోవాలి."

అతడు చాప మీదికి వంగాడు. బండరాయి బొమ్మను తిప్పి చూచాడు, వేపచెట్టును తిప్పి చూచాడు, మరల ఉన్నచోటనే పెట్టాడు.

"నీళ్ళకు ఏ చుక్క పెడతారు మేడం?"

"ఎర్రదే." అన్నది హేమావతి. "శాస్త్రం ప్రకారం ఎర్రదే."

"మా పాప ఒప్పుకోదు."

"ఒప్పుకోకుంటే ఇంకొక దినం పడుతుంది."

"అట్లయితే టీసీ?"

"పని అయినాక అడుగు."

అతడు పిల్లను చంకకెత్తుకొని గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కున్నాడు. "రేపు పాపను వ్యాను ఎక్కించనులే. అవతల సంగతి అవతల," అని పోయాడు.

బయమ్మ చాప చుట్టూ చిమ్మింది. హేమావతి గోడకు చేరగిలి, ఒడిలో ఖాళీ అట్ట పెట్టుకొని పెన్సిలు తీసింది. కుండ గీసింది. అది కుండే అయింది గాని నీళ్ళు కాలేదు. మరొక అట్ట తీసి ఒక వాగు గీసింది. ఇసుకకూ నీటికీ తేడా తెలియలేదు.

బయట ఆటో హారను మ్రోగింది.

"ఉండమను," అన్నది బయమ్మతో, ఇంకొక అట్ట అందుకుంటూ.