మొదటి వరుసలో కుడి చివర

పాడేవాళ్ళ పాటని మళ్ళీ పాడేవాళ్ళకే వినిపించే యంత్రం ఎవడు కనిపెట్టాడో గాని, వాడు ఏనాడూ ఏ చర్చి క్వయర్‌లోనూ నిలబడి ఉండడు. నిలబడిన మనిషి అలాంటి పాడుపని చేయడు.

మా చర్చి క్వయర్‌లో మొదటి వరుసలో కుడి చివర, కిటికీ పక్కన, ముప్పై ఒక్క ఏళ్ళుగా నిలబడుతున్నది నేను. ఈలోగా నలుగురు పాస్టర్లు మారారు, రెండు హార్మోనియంలు మూలపడ్డాయి, గోడలకి మూడుసార్లు రంగులు వేశారు. నేను మాత్రం ఆ చోటు వదల్లేదు. ఒక్కసారి జ్వరం వచ్చి వెళ్ళలేకపోతే, ఆ వారం పాట ఎంత చప్పగా ఉందో పాస్టరుగారి భార్య స్వయంగా మా ఇంటికి వచ్చి చెప్పి వెళ్ళింది. ఇదంతా గర్వంతో చెప్పడం లేదు. గర్వం నాకు బొత్తిగా గిట్టదు. రోజూ పొద్దున్నే మోకరించి, దీనమనసు ఇవ్వు ప్రభువా అని అడిగే మనిషిని. దీనమనసు కోసం నా అంతగా ప్రార్థించేవాళ్ళు మా చర్చిలో ఇంకొకరు ఉన్నారంటే నేను ఒప్పుకోను.

పగలు నాకు ఆసుపత్రి బట్టల గదిలో పని. మూడు వందల మంచాల దుప్పట్లూ, దిండు గలీబులూ ఉతుకుడు అయ్యాక నా బల్ల మీదికి వస్తాయి. ఒక్కో దుప్పటినీ కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టి చూస్తాను. మరక కనిపిస్తే మాట్లాడను, మూలన ఒక ముడి వేసి పక్కన పడేస్తాను. ముడి పడిన దుప్పటి మళ్ళీ ఉతుకుడుకి పోవలసిందే, పెద్ద డాక్టరు వచ్చి అడిగినా ఇవ్వను. ఉతికేవాళ్ళకి నేనంటే హడల్. వాళ్ళు ఒకటికి రెండుసార్లు చూసి పంపిన దుప్పటిలో కూడా నా కంటికి మరక దొరుకుతుంది.

మా తోడికోడలు మా ఇంట్లోనే మేడ మీద వాటాలో ఉంటుంది. మా మరిది పోయి మూడేళ్ళయింది. పిల్లలు లేరు. ముందు నుంచీ నోట్లో నాలుక లేని మనిషి, మరిది పోయాక ఆ కాస్త మాటా ఆగిపోయింది. ఏడాది పాటు ‘ఊ’, ‘ఊహూ’ తప్ప మేడ మీద నుంచి మరో మాట వినలేదు. చూసి చూసి ఒక శనివారం సాయంత్రం నేనే చెయ్యి పట్టుకుని క్వయర్ ప్రాక్టీసుకి లాక్కుపోయాను. నెల తిరిగేసరికి మెట్లు దిగుతూ కూనిరాగం తీయడం మొదలుపెట్టింది. ఆ తర్వాత మాట వచ్చింది. నా వల్లే మళ్ళీ మనిషైందని నలుగురిలో చాలాసార్లు చెప్పాను, ఆమె ఎదురుగా కూడా చెప్పాను.

అలాంటిది, వచ్చిన కొత్తలోనే నా పక్కకి చేరి, నా మీదే గొంతు లేపడం మొదలుపెట్టింది. మామూలు చోట్ల బుద్ధిగానే పాడేది. పాట పైకి వెళ్ళే చోట మాత్రం నా గొంతు మీదుగా తన గొంతు వచ్చేది. ఎన్నిసార్లు ఓరగా చూసినా తెలియనట్టే ఉండేది. రెండేళ్ళు ఓర్చుకున్నాను. అది కూడా దీనమనసేనని నా మనసుకి చెప్పుకున్నాను.

ఇంతలో మా చర్చి యాభయ్యో వార్షికోత్సవం వచ్చింది. పాటల బాధ్యత కళ్ళజోళ్ళ మాస్టారిది. ఆయనకి కళ్ళజోళ్ళ దుకాణం ఉంది, అందుకే ఆ పేరు. అంతవరకు ఏ గొడవా లేకుండా సాగిపోతుంటే, ఆయనకి కొత్త బుద్ధి పుట్టింది. శనివారం ప్రాక్టీసు అంతా ఫోనులో రికార్డు చేసి అందరికీ పంపాడు. ఎవరి తప్పులు వాళ్ళు విని దిద్దుకోవాలట.

సోమవారం టీ వేళ బట్టల గదిలో కూర్చుని విన్నాను. మొదటి రెండు చరణాలు బాగానే ఉన్నాయి. మూడో చరణంలో పాట పైకి వెళ్ళే చోట ఒక గొంతు అందరికంటే వెనకగా బయలుదేరి, అందాల్సిన చోటు అందుకోలేక, తుప్పు పట్టిన గేటులా కీచుమని కిందికి జారింది. జారి ఊరుకోలేదు, చివర్లో సాగదీసింది కూడా. మూడుసార్లు విన్నాను. మూడోసారికి అరికాలి మంట నెత్తికెక్కింది. యాభై ఏళ్ళ పండగలో దేవుడి ముందు ఇదా పాడేది? ఎవరిదో ఆలోచించే పని కూడా లేదు. ఫోను పెట్టింది నా పక్క కిటికీ గట్టు మీద. దానికి దగ్గరగా ఉన్నది మేమిద్దరమే. నాది కాదు కాబట్టి ఆమెదే.

ఆ సాయంత్రమే దుకాణానికి వెళ్ళాను. మాస్టారు ఒక అద్దాన్ని సాన పడుతున్నాడు. ఆయన బల్ల మీదే ఫోను పెట్టి ఆ ముక్క వినిపించాను.

“ఎవరి గొంతో తెలుస్తోందా మాస్టారూ?”

సాన ఆపాడు. “తెలుస్తోంది అక్కగారూ.”

“తెలిసి ఊరుకున్నారా?”

“ఏం చెయ్యమంటారు మరి?”

“తప్పించండి. మా ఇంటి మనిషే, కాదనను. అయినా దేవుడి పని దగ్గర బంధుత్వాలేంటి?”

ఆయన నా మొహం వంక చూశాడు. “ఎవర్ని తప్పించమంటున్నారు?”

“మా తోడికోడల్ని. ఇంకెవర్ని?”

మాస్టారు తుడిచిన అద్దాన్నే మళ్ళీ మళ్ళీ తుడిచాడు. “ఇంకోసారి వినండి అక్కగారూ” అన్నాడు చివరికి.

“మూడుసార్లు విన్నాను. మీకు చెప్పడానికి మొహమాటమైతే నేనే చెప్తాలెండి” అని వచ్చేశాను.

డాబా మీద ఆరిన బట్టలు తీస్తూ కనిపించింది మా తోడికోడలు.

“మాస్టారు పంపింది విన్నావా?” అన్నాను.

“విన్నానక్కా.”

“మూడో చరణం?”

చేతిలో తువ్వాలు మడతపెట్టింది.

“ఉన్నమాట చెప్తున్నా, ఏమీ అనుకోకు. ఆ గొంతుతో పాట పాడైపోతోంది. ఈ వార్షికోత్సవం అయ్యేదాకా నువ్వు కింద అందరితో కూర్చో. ఆ తర్వాత సంగతి తర్వాత చూద్దాం. మనల్ని మనం తగ్గించుకోవడంలోనే ఆశీర్వాదం ఉంది.”

ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు. “సరే అక్కా” అని బట్టల మోపు ఎత్తుకుని లోపలికి వెళ్ళింది.

కిందికి వచ్చి మోకరించి, నిజాన్ని ప్రేమతో చెప్పే ధైర్యం ఇచ్చినందుకు వందనాలు చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. మర్నాటి నుంచి మెట్ల మీద కూనిరాగం ఆగిపోయింది. పాలు వచ్చాయా అంటే ‘ఊ’. జ్వరం తగిలిందా అంటే ‘ఊహూ’. విన్నాను, విని ఊరుకున్నాను.

శనివారం ఆమె లేకుండా పాడాం. నా గొంతు మీదికి ఇంకో గొంతు రాకపోవడంతో ప్రాణం హాయిగా అనిపించింది. మాస్టారు మళ్ళీ రికార్డు చేశాడు.

సోమవారం టీ వేళ ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను. మూడో చరణం వచ్చింది. అదే గేటు. ఈసారి పక్కన ఇంకే గొంతూ లేక, పట్టపగలు నడివీధిలో నిలబెట్టినట్టు ఒంటరిగా కీచుమంది. నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆమె రానే లేదు, మరి ఇదెవరు? ఈ ఫోనే చెడిపోయి ఉంటుందని, నా ఎదురుగా దుప్పట్లు మడతపెట్టే ఆవిడకి ఇచ్చాను. ఆవిడది మా చర్చి కాదు, మా వాళ్ళెవరూ ఆవిడకి తెలియదు.

“ఈ గొంతులో ఏమైనా తేడా ఉందా? ఫోను పాడైనట్టుంది” అన్నాను.

ఆవిడ విని నవ్వింది. “ఫోనుకేం, బాగానే ఉంది. మీ గొంతే కదండీ. రోజూ పని చేసుకుంటూ పాడతారుగా, ఇలాగే ఉంటుంది.”

ఆవిడ అంత మామూలుగా అంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఫోను లాక్కుని, బల్ల మీద దుప్పట్లు అలాగే వదిలేసి దుకాణానికి వెళ్ళాను.

“మీకు తెలుసా?” అన్నాను గుమ్మంలో నుంచే.

మాస్టారు కుర్చీలోంచి లేచాడు. “తెలుసు.”

“ఎప్పటినుంచి?”

“ఆరేళ్ళవుతుందేమో.”

“అందరికీ తెలుసా?”

ఆయన తన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. “అందరికీ తెలుసు అక్కగారూ.”

“ఇంతమందిలో ఒక్కరికి నోరు లేకపోయిందా?”

“చెబితే వింటారా? అప్పట్లో హార్మోనియం ఆయన చెప్పాడు, మీ శ్రుతి తగ్గుతోందని. మీరు హార్మోనియమే చెడిపోయిందని గొడవచేసి కొత్తది తెప్పించారు. ఆ కొత్తది కూడా మీకు నచ్చలేదు.”

మూలపడిన రెండు హార్మోనియంలూ గుర్తొచ్చాయి. ఆ హార్మోనియం ఆయన తర్వాత చర్చికి రావడం మానేశాడు. భక్తి తగ్గిందని అనుకున్నాను, నలుగురితో అన్నాను కూడా.

“మరి మా తోడికోడలు?”

“ఆవిడే రెండేళ్ళుగా మిమ్మల్ని కాచుకొస్తోంది. మీరు అందుకోలేని చోట కాస్త గట్టిగా పాడి కప్పేస్తుంది. నేను చెయ్యమన్నది కాదు. ‘అక్క పక్కన నన్ను నిలబెట్టండి’ అని ఆవిడే వచ్చి అడిగింది.”

“ఇంత తెలిసి, ఆ రోజు నేను ఆమెని తప్పించమంటే నోరు మూసుకున్నారా?”

“మీరంటే భయం అక్కగారూ” అన్నాడు తలొంచుకుని.

ఒళ్ళు మండిపోయింది. వీళ్ళ భయానికీ నా పొగరుకీ మధ్యన నోరు లేని మనిషి నలిగిపోయింది. ఆ మాట ఆయన మొహం మీదే అనేశాను. నా పొగరు అని పైకి అనడం నా జన్మలో అదే మొదటిసారి. అన్నాక గాని ఆ సంగతి నాకు తెలియలేదు.

ఇంటికి వచ్చి మెట్లన్నీ ఒక్క ఊపున ఎక్కాను. మా తోడికోడలు కిటికీ దగ్గర కూర్చుని ఏదో కుట్టుకుంటోంది.

“ఆ గొంతు నాదని తెలిసి ఎందుకు సరే అన్నావు? నాది కాదని ఒక్క ముక్క చెప్పలేకపోయావా?”

ఆమె సూది పక్కన పెట్టింది. “నాది కాదంటే ఎవరిదని వెతుకుతారు కదక్కా.”

అప్పుడైనా నేను మెత్తబడాలి. మెత్తబడలేదు. నీ మంచితనం మండిపోను అని అరిచాను. నన్ను పిచ్చిదాన్ని చేసి నువ్వు గొప్పదానివి అయ్యావు కదా అన్నాను. నిజం చెప్పాలంటే నాకు ఆ క్షణాన దేవుడి మీద కూడా కోపం వచ్చింది. ముప్పై ఏళ్ళుగా రోజూ మోకాళ్ళు అరగదీసుకుని నేను అడిగినదాన్ని, అడగను కూడా అడగని ఈ మనిషికి ఇచ్చాడు. ఇచ్చి, నా నెత్తి మీదే తెచ్చిపెట్టాడు.

నేను అలిసిపోయేదాకా ఆమె కదలకుండా వింది.

“అక్కా, నాకు మాట పోయినప్పుడు మీరు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళారు. మీ గొంతు పోతోందని నేనెలా చెప్పను?” అంది. కుట్టు బట్ట మడతపెట్టి, “మీరు తిట్టినా నాకేం కాదు. కానీ పాడకుండా ఉండలేకపోతున్నానక్కా. లోపలంతా మళ్ళీ మూసుకుపోతోంది” అంది.

ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను. తప్పు చేశాను అన్నాను. నా చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

శనివారం ప్రాక్టీసు మొదలవకముందే అందరి ముందూ నిలబడ్డాను. వెలుతురుకి ఎత్తి పట్టాల్సిన దుప్పటి ఈసారి నేనే.

“ఫోనులో ఉన్న గొంతు నాది. మా తోడికోడలిదని చెప్పి ఆమెని తప్పించింది నేను. హార్మోనియం ఆయన మీద నింద వేసిందీ నేనే. ఆయన ఇంటికి రేపు వెళ్తాను.”

అందరూ పాటల పుస్తకాల్లోకి తలలు దించుకున్నారు. అక్కడితో ఆపితే బాగుండేది. “ఆరేళ్ళు మీరందరూ వింటూ కూర్చున్నారు చూడండి, మీకూ సిగ్గుండాలి” అని కూడా అన్నాను. బుద్ధి ఒక్క వారంలో ఎక్కడికి పోతుంది?

మా తోడికోడల్ని తీసుకెళ్ళి కిటికీ పక్కన నిలబెట్టాను. నేను చివరి వరుసలో ఎడమ చివరికి, మగవాళ్ళ వెనక్కి, మడత కుర్చీలు దొంతరగా పెట్టిన చోటికి వెళ్ళాను.

“అక్కగారూ, మీరు మానెయ్యక్కర్లేదు” అన్నాడు మాస్టారు కంగారుగా.

“మానేస్తానని ఎవరన్నారు?” అన్నాను.

వార్షికోత్సవం రోజు చర్చి కిక్కిరిసిపోయింది. మొదటి రెండు చరణాలు మెల్లగా, నా వరకే వినిపించేలా పాడాను. మూడో చరణంలో పాట పైకి వెళ్ళే చోటికి వచ్చేసరికి నోరు మూసేశాను. అలవాటు కొద్దీ కడుపులో నుంచి గాలి ఎగదన్నింది, పళ్ళు బిగబట్టాను. పాట చప్పబడలేదు. నేను లేకుండానే పైకి వెళ్ళింది. కిటికీ దగ్గర మా తోడికోడలి గొంతు, ఇప్పుడు ఎవరి తప్పూ కప్పాల్సిన పని లేక, తేలిగ్గా ఎక్కింది. దాని కింద మగవాళ్ళ గొంతులు వేరే దారిలో నడుస్తున్నాయి. మా పాటలో అలాంటిది ఒకటి ఉందని ముప్పై ఒక్క ఏళ్ళలో నాకు తెలియదు. నా పక్కన ముసలి దర్జీ కళ్ళు మూసుకుని, ఒక్క మాటా తప్పకుండా, గొణుగుతున్నంత మెల్లగా పాడుతున్నాడు. అతను ఎప్పటినుంచి అక్కడ నిలబడుతున్నాడో కూడా నాకు తెలియదు. నాకు ఏడుపు వచ్చింది. బాధతో కాదని తెలుస్తూనే ఉంది, అందుకు నా మీద నాకే ఆశ్చర్యం వేసింది.

సోమవారం టీ వేళ మాస్టారు పంపిన రికార్డు పెట్టుకుని కూర్చున్నాను. అయిపోయింది, మళ్ళీ పెట్టాను. దుప్పట్లు మడతపెట్టే ఆవిడ కాసేపు చెవి వొగ్గి వింది.

“ఇందులో మీ గొంతు ఎక్కడుందండీ?”

“వెనక ఉన్నాను. వినిపించను.”

“మరి అదే పాట ఎన్నిసార్లు వింటారు? మీకు వచ్చిన పాటేగా.”

“పాడటం వచ్చు. వినడం ఇప్పుడే” అన్నాను. ఫోను ఆవిడకి కూడా వినిపించేలా బల్ల మధ్యకి జరిపి, దుప్పట్లు అందుకున్నాను.