చెవికి ఆనించని ఫోన్

ఫోన్ల మంచిచెడ్డలు తేల్చి రాయడం బుల్లి ఉద్యోగం. ముప్పై ఆరేళ్లొచ్చినా అయినవాళ్లకు ఆమె ఇంకా బుల్లే. కొత్తలో ఒక్కో పెట్టె విప్పుతుంటే సంబరంగా ఉండేది. ఇప్పుడు ఆవలింతలొస్తున్నాయి. ఏ పెట్టెలో చూసినా అదే నల్ల పలక, అదే మూడు కళ్ల కెమెరా. ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోవడానికి అనుకుంటూ రాసేస్తోంది.

ఆ రోజు ఎడిటర్ ఆమె ఇదివరకు సమీక్ష రాసిన ఫోన్‌నే మళ్లీ తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు.

"తక్కువ ధరలో ఫ్లాగ్‌షిప్, ఖరీదైన ఫోన్లకు దీటు అని మనం రాశాక జనం ఎగబడి కొంటున్నారమ్మా. వాడగా వాడగా ఎలా ఉందో ఇంకో ముక్క రాసెయ్."

"రాసిందే మళ్లీ రాయమంటారా సార్?"

"ఈసారి నీ సొంత ఫోన్‌లా వాడి రాయి."

బుల్లి నిట్టూర్చి తన పాత సమీక్ష తీసి చదువుకుంది. తెర అద్దంలా ఉంది. వేగానికి వంక పెట్టలేం. ఎండలో ఫొటోలు భేష్, చీకటి పడితే మొహాలు అలుక్కుపోతాయి. ఛార్జింగ్ పెడితే వేడెక్కుతుంది. ఎంత చెట్టుకు అంత గాలి, ఈ ధరకు ఇంతకంటే అడగడం అత్యాశ. ఇదంతా ఆమె చూసి రాసిందే. చివర్న మాత్రం 'కాల్స్ స్పష్టంగా ఉన్నాయి' అని ఒక వాక్యం ఉంది. అది అంతకుముందు ఫోన్ సమీక్షలోంచి ఎత్తి పెట్టింది. ఆ పనిలో ఉన్న ఎవరూ పరీక్షకొచ్చిన ఫోన్‌లో సొంత సిమ్ వెయ్యరు. వారానికో ఫోన్ మారుతుంటే ఎవరు పీకి పెడతారు? అన్నీ చూస్తారు గానీ, ఫోన్‌ను ఫోన్‌లా చెవి దగ్గర పెట్టుకోవడమే ఉండదు.

అసలు ఆ ఫోన్ మొహం చూడాలనే లేదు బుల్లికి. అక్క దగ్గరా అదే ఉంది. "మా చెల్లి బాగుందని రాసింది, ఇంక ఆలోచించేదేముంది" అని మర్నాడే కొనేసింది మహాతల్లి. కొన్న వారానికి, వాళ్లింట్లో అందరూ భోజనాల దగ్గరుండగా ఆ అక్కే నోరు జారింది. "నీదీ ఒక ఉద్యోగమేనా? పెట్టెలు విప్పి మూతలు పెట్టడం!" బావగారు నవ్వారు. బుల్లి కంచం ముందు నుంచి లేచి వచ్చేసింది.

ఆ తర్వాత అక్క ఫోన్ చేసింది. రెండు మాటలు మాట్లాడి టక్కున పెట్టేసింది. ఇంకోసారీ అంతే, మాట మధ్యలో పెట్టేసింది. అన్నదీ తనే, అలిగిందీ తనే! అంత పొగరా అని బుల్లి ఫోన్ ఎత్తడం మానేసింది. నెలైంది. అమ్మ పోయాక తనకంటూ ఉన్నది ఆ ఒక్క అక్క. ఇంటికెళ్తే గోడలే పలకరిస్తున్నాయి. ఏ పని మీదా మనసు నిలవడం లేదు.

విసుగ్గానే తన సిమ్ తీసి ఆ ఫోన్‌లో వేసింది. పక్క గదిలో ఉన్న ఎడిటర్‌కు కాల్ చేసి, ఫోన్‌ను చెంపకూ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, బల్ల మీది సామాన్లు సర్దుతూ మాట్లాడింది. కట్ అయింది. మళ్లీ చేసింది. మళ్లీ కట్.

"ఏంటమ్మా, చేసి పెట్టేస్తున్నావ్?" అని ఆయన అక్కణ్నుంచే కేకేశాడు.

బుల్లి లేచి చేతులు కడుక్కునే చోట అద్దం ముందు నిలబడి ఇంకోసారి చేసింది. ఫోన్ చెవికి ఆనించినా తెర ఆరలేదు, వెలుగుతూనే ఉంది. చెంప తగిలి ఎర్ర బొత్తాం దానంతటదే నొక్కుకుపోయింది. బ్యాగు భుజాన వేసుకుని, ఎవరికీ చెప్పకుండా బయటికొచ్చేసింది.

అక్క బట్టలు కుట్టే కార్ఖానాలో కటింగ్ బల్ల దగ్గర ఉంది. చెల్లిని చూసి కత్తెర పక్కన పెట్టింది కానీ మొహం మాత్రం తిప్పుకుంది.

"అక్కా, ఫోన్ నువ్వు పెట్టేశావా?"

"నేనెందుకు పెట్టేస్తానే? పెట్టేసింది నువ్వు!"

"నేను కాదు. నీ చెంప తగిలి అదే కట్ అవుతోంది. మిగతా వాళ్లతో మాట్లాడితే అవ్వట్లేదా?"

"మిగతా వాళ్లతో స్పీకర్ పెట్టి బల్ల మీద పడేస్తాను, నా చేతులు ఖాళీగా ఉంటేగా. నీతోనే చెవి దగ్గర పెట్టుకుంటాను." అక్క గొంతు సన్నబడింది. "అయితే ఆ రోజు ఫోన్‌లో నేనన్నది నువ్వు వినలేదా?"

"ఏమన్నావ్?"

"తప్పయిందే అన్నాను. అందరి ముందు అలా అనకూడదు, మన్నించు అన్నాను. నువ్వు ఉలుకూ పలుకూ లేకుండా పెట్టేశావనుకున్నా. సరే, రెండోసారీ చెబుదామని చేస్తే అదీ అంతే."

నెల్లాళ్లు తను అక్కను తిట్టుకున్న తిట్లన్నీ బుల్లికి గుర్తొచ్చాయి. బట్టల కుప్ప మీద కూలబడింది.

"నువ్వన్నది నిజమే అక్కా. ఆ ఫోన్‌ను ఒక్కసారి కూడా చెవి దగ్గర పెట్టుకోకుండానే బాగుందని రాశాను. నాది పెట్టెలు విప్పి మూతలు పెట్టే ఉద్యోగమే."

అక్క వచ్చి పక్కన కూర్చుంది. దారప్పోగులంటుకున్న చేత్తోనే చెల్లి మొహం తుడిచింది.

"నిజమైతే మాత్రం అనేస్తారా?"