నల్ల డ్రైవ్‌లో నాన్న గొంతు

బస్టాండులో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో చెప్పే గొంతు ఆయనది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ అదే గాజు కిటికీ గది, అదే కుర్చీ, అదే మైకు. తోటివాళ్ళంతా ఆయన్ని మైకు అనే పిలిచేవారు. కొత్తగా వచ్చిన కండక్టర్లలో ఆయన అసలు పేరు తెలిసినవాళ్ళు తక్కువ. గొంతులో గడ్డ ముదిరిందని, స్వరపేటిక మొత్తం తీసేయక తప్పదని డాక్టర్లు తేల్చినప్పుడు మైకు ఒక్క మాటే అడిగాడు.

"తీశాక కనీసం గుసగుసగానైనా వస్తుందా?"

రాదన్నారు.

దారి చూపించింది స్పీచ్ థెరపిస్టు. ముందుగానే ఆయన చేత కొన్ని వందల వాక్యాలు చదివించి పెట్టుకుంటే, వాటి నుంచి కంప్యూటర్ ఆయన గొంతును తయారుచేయగలదట. ఆ తర్వాత ఆయన ఏది టైపు చేస్తే అది ఆయన గొంతుతోనే పలుకుతుందట. మైకు ఒప్పుకున్నాడు. గొంతు కాస్త తేటగా ఉండే ఉదయాల్లో తలుపులు బిగించి, ఫ్యాను ఆపి, చొక్కా తడిసిపోతున్నా ఓపిగ్గా చదివాడు. కొడుకు తన ఆఫీసు కంప్యూటర్‌లో రికార్డు చేసి అన్నిటినీ ఒక నల్ల డ్రైవ్‌లోకి ఎక్కించాడు. ఆ తర్వాత అతను ఉద్యోగం మారాడు, కంప్యూటర్ పాత ఆఫీసుకు వెళ్ళిపోయింది. ఆ నల్ల డ్రైవ్ తప్ప ఇంకెక్కడా ఆ రికార్డింగులు లేవు. ఈలోగా మైకు గొంతు కూడా బొంగురుపోయి, మాట మాటకీ దగ్గు తెరలు అడ్డం పడుతున్నాయి.

ఆపరేషన్ రేపు ఉదయం. సాయంత్రానికల్లా ఆస్పత్రిలో చేరాలి. థెరపిస్టు బూడిదరంగు డ్రైవ్ ఒకటి ఇచ్చి పంపింది. "మొత్తం దీంట్లో వేసి తెండి. పాడైనవి ఏవైనా ఉంటే ఆయనకి గొంతు ఉండగానే మళ్ళీ చదివిద్దాం" అంది.

ఆ పని కూతురు మీద పడింది. గ్రంథాలయంలో కంప్యూటర్లు చూసుకోవడమే ఆమె ఉద్యోగం. అక్కడా, ఇంట్లో ఆమె పాత ల్యాప్‌టాప్‌లోనూ ఉన్నది విండోస్ కాదు, లైనక్సే. తల్లి గది సంగతి చూడ్డానికి ముందే ఆస్పత్రికి వెళ్ళింది. తండ్రి లోపలి గదిలో బట్టలు సర్దుకుంటున్నాడు. భోజనాలయ్యాక ఆమె టేబుల్ ముందు కూర్చుంది. ల్యాప్‌టాప్‌కు పనిచేసే సాకెట్ ఒక్కటే మిగిలింది కాబట్టి దానికి, ఒక్క సాకెట్‌ను నాలుగు చేసే హబ్ తగిలించి, రెండు డ్రైవులనూ ఆ హబ్‌కే పెట్టింది. రెండూ తెర మీద కనిపించాయి. నల్లదాంట్లోవి మొత్తం ఎంచి బూడిదరంగు దాంట్లో వేయబోయింది. వేయనివ్వలేదు. ఈ డ్రైవ్ చదవడానికి మాత్రమే, రాయడానికి కాదు అంది కంప్యూటర్.

ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ తెరిచి, డ్రైవ్‌ను పీకకుండానే కంప్యూటర్ నుంచి విడదీసి, రాతకు అనుమతిస్తూ మళ్ళీ మౌంట్ చేయమని, అంటే జతచేయమని, ఆదేశం ఇచ్చింది. మౌంట్ అయితే అయింది కానీ మళ్ళీ చదవడానికే. డ్రైవ్ మీది హక్కులు తన పేరు మీదికి మార్చబోయింది. అదీ కుదరలేదు. హక్కులు మార్చడం కూడా రాతేగా మరి. వెనక నిలబడిన తమ్ముడు కాళ్ళు మార్చి మార్చి నిలబడుతున్నాడు.

"ఎందుకొచ్చిన గొడవక్కా. ఈ నల్లదే ఇచ్చేద్దాం."

"ఉన్నది ఇదొక్కటేరా. అక్కడ ఎవరి చేతిలోనైనా జారి పడితే?"

"పోనీ నీ ల్యాప్‌టాప్‌లోకే దింపు."

"దీంట్లో అంత చోటెక్కడుంది?"

ఎర్రక్షరాల్లో ఏవేవో వాక్యాలు వచ్చాయి. ఆమె వాటిని చదవలేదు, చూసిందంతే. బూడిదరంగుది ఎలాగూ ఖాళీ డ్రైవే కదా, మొత్తం తుడిచి ఫార్మాట్ చేసేస్తే పీడా పోతుందనుకుంది. కంప్యూటర్ వరుసగా చివరి అక్షరం మార్చి డ్రైవులకు పెట్టుకున్న పేర్ల జాబితా తీసింది. నల్లది ఎస్‌డీబీ, బూడిదరంగుది ఎస్‌డీసీ. ఎస్‌డీసీని విడదీసింది. అంతలో ఫోన్ మోగింది.

"గది ఇచ్చారు. మీరు ఇంకా బయల్దేరలేదా?" అంది తల్లి.

"వచ్చేస్తున్నామమ్మా."

తమ్ముడు తన చార్జర్ అందుకోబోతూ టేబుల్ మీద చెయ్యి ఆనించాడు. హబ్ కదిలింది. దాని మీది పచ్చలైటు ఆరి మళ్ళీ వెలిగింది. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని ఉన్న ఆమె అది చూసింది, వచ్చిందిలే అనుకుంది. వచ్చినవి రెండూ అక్షరాలు మార్చుకుని వచ్చాయని ఆమెకు తట్టలేదు. బాణం మీట నొక్కి పాత ఆదేశంతోనే ఎస్‌డీసీని మళ్ళీ విడదీసింది. ఫార్మాట్ చేయమంది. ఇక్కడ ఇంతకు ముందే ఏదో ఉంది, అయినా చేయమంటారా అని కంప్యూటర్ అడిగింది. పాత ఫార్మాట్ ఉంటుందని తెలిసిందేగా అనుకుని అవునన్న మీట నొక్కింది. చిటికెలో అయిపోయింది.

తలెత్తి చూసేసరికి తెర మీద బూడిదరంగు డ్రైవ్ పేరు అలాగే ఉంది. నల్లదాని పేరు లేదు.

జాబితా మళ్ళీ తీసింది. అనుమానం లేదు.

"ఆ నల్లది పీకెయ్" అంది.

"ఏమైందక్కా?"

"మాట్లాడకుండా పీకరా."

పీకాడు. ఆమె తెర మీంచి కళ్ళు తీయకుండా, "నాన్న గొంతు చెరిపేశాను" అంది.

తమ్ముడికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక తిడతాడేమో అనుకుంది. అతను తిట్టలేదు. గుమ్మం వైపు చూశాడు. అక్కడ తండ్రి నిలబడి ఉన్నాడు, చేతిలో మడత పెట్టిన తువ్వాలుతో. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు. వచ్చి మంచం అంచున కూర్చున్నాడు.

"మళ్ళీ చదవనా?" అన్నాడు.

ఆ రెండు ముక్కలకే ఆయనకు ఊపిరి అందలేదు. పక్కనున్న, అప్పట్లో చదివిన వాక్యాల కాగితాల్లోంచి ఒకటి తీసి మొదటి వాక్యం మొదలుపెట్టాడు. సగంలో దగ్గు ముంచుకొచ్చింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అక్కడే ఆగిపోయింది. కాగితం ఒళ్ళో పెట్టుకుని కూతురి వైపు చూసి, పర్వాలేదన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమెకు ఆ ఊపిన చెయ్యి చూశాకే ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా టైము లేదని అనిపించి మొహం కడుక్కొచ్చింది.

ఫార్మాట్ అన్నది ఇంటి బయటి పేరు పలక పీకేయడం లాంటిదని, లోపలి మనుషుల్ని అప్పటికప్పుడు తరిమేయదని గ్రంథాలయంలో ఎందరికో ఆమే చెప్పింది. పైన ఇంకేమీ రాయకపోతే చాలావరకు శబ్దాలు ఆ డ్రైవ్‌లోనే ఉండి ఉంటాయి. వెతికి తీసే ప్రోగ్రాం ఆమె దగ్గరుంది. కానీ తీసినవి ఎక్కడ పొయ్యాలి? ఇంట్లో అంత ఖాళీ ఉన్నది బూడిదరంగు డ్రైవ్ ఒక్కటే. అదేమో రాయనివ్వదు. తప్పించుకుందామనుకున్న చోటికే మళ్ళీ వచ్చి పడింది.

ఈసారి కుర్చీ దగ్గరికి లాక్కుని, ఎర్రక్షరాల్లో ఉన్నది మొదటి నుంచి చదివింది. అందులో చిక్కేమీ లేదు. ఈ డ్రైవ్‌ను వేరే కంప్యూటర్ సరిగా మూయకుండా వదిలేసింది, అందుకని ఇందులో రాయనివ్వడం లేదు అని ఉంది. థెరపిస్టు తన విండోస్ కంప్యూటర్‌లోంచి నేరుగా లాగి ఇచ్చినట్టుంది. ఆ గుర్తు తుడిచేయడానికి చిన్న ఆదేశం ఒకటుంది. వేళ్ళు మీటల మీద పెట్టింది కానీ నొక్కలేకపోయింది.

"బూడిదరంగుదాని వెనక అంటించిన నంబరు చదవరా."

తమ్ముడు డ్రైవ్ తిరగేసి ఒక్కో అంకే చదివాడు. ఆమె తెర మీద ఒక్కో అంకే సరిచూసింది. మళ్ళీ మొదటి నుంచి చదవమంది. మారుమాట లేకుండా చదివాడు. అప్పుడు నొక్కింది. మౌంట్ చేసి, దాంట్లో ఉత్త ఫైలు ఒకటి సృష్టించి చూసింది. రాసింది. అంతసేపు ఏడిపించిన డ్రైవ్ ఏమీ ఎరగనట్టు రాసింది.

నల్లదాన్ని హబ్‌కు తగిలించి, మౌంట్ కానివ్వకుండా, వెతుకులాట మొదలుపెట్టింది. తమ్ముడు హబ్‌ను రెండు చేతులతో పట్టుకుని కింద కూర్చున్నాడు.

"ముక్కు దురద పెడుతోంది" అన్నాడు కాసేపటికి.

"పెట్టనీ."

తండ్రి తువ్వాలు కొసతో వాడి ముక్కు రుద్దాడు.

ఒక్కొక్కటిగా ఫైళ్ళు పైకి తేలాయి. పేర్లు లేవు, పొంతన లేని అంకెలు. మొదటిది వినిపిస్తే ఉత్త బుస. రెండోది సగం మాటతో తెగిపోయింది. మూడోదాంట్లోంచి తండ్రి మునుపటి గొంతు, నిండుగా, "వర్షం వచ్చేలా ఉంది, గొడుగు తీసుకెళ్ళు" అంది. మైకు తల వంచుకుని విన్నాడు.

తల్లి మళ్ళీ ఫోన్ చేసింది. నర్సు అడుగుతోందట, ఇంకాస్త ఆలస్యమైతే రేపటి ఆపరేషన్ల వరుసలోంచి పేరు తీసేస్తారట. పని సగం కూడా కాలేదు. ఆపితే మళ్ళీ ఏ అక్షరం ఎటు మారుతుందోనని ఆమెకు భయం. అలాగే టాక్సీ ఎక్కారు. వెనక సీట్లో ఆమె ఒళ్ళో ల్యాప్‌టాప్, తమ్ముడి ఒళ్ళో హబ్, ఆ పక్కన తండ్రి. గతుకు వచ్చినప్పుడల్లా ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. డ్రైవర్ అద్దంలోంచి చూసి, "బాంబు కాదు కదండీ" అన్నాడు.

"అంతకంటే ఎక్కువ. నెమ్మదిగా పోనివ్వండి" అన్నాడు తమ్ముడు.

బ్యాటరీ అడుగంటుతోంది. తెర వెలుగు తగ్గించింది. ఆస్పత్రి వసారాలో మంచినీళ్ళ మిషను వెనక ప్లగ్గు దొరికింది. దాని పక్కనే నేల మీద కూర్చుని మిగతాది పూర్తిచేసింది.

థెరపిస్టు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వరుసగా విన్నది. డ్రైవ్ మీరు సరిగా మూయకుండా ఇచ్చారని ఆమెతో అనాలనుకుంది కూతురు. మీట నొక్కింది తనే కాబట్టి ఊరుకుంది.

"చాలా పోయాయి. ఉన్నవాటితో గొంతు వస్తుంది. కొన్ని శబ్దాలు మాత్రం అసలు లేవు" అంది థెరపిస్టు.

"నేను చదువుతాను" అన్నాడు మైకు.

వద్దంటే వినలేదు. మంచం మీద దిండు ఆనుకుని, గుక్కెడు నీళ్ళు, ఒక వాక్యం, మళ్ళీ గుక్కెడు నీళ్ళు. భార్య గ్లాసు పట్టుకుంది. కూతురు రికార్డు చేసిన ప్రతిదాన్నీ అప్పటికప్పుడు రెండు చోట్ల పెట్టి, రెండు చోట్లా తెరిచి విన్నది. ఇంకొక్కటి అంటుండగా నర్సు వచ్చి దీపం తగ్గించింది. చదవవలసినవి ఇంకా మిగిలే ఉన్నాయి.

ఆపరేషన్ బాగానే జరిగింది. గొంతు తయారై ట్యాబ్‌లోకి రావడానికి చాలా రోజులు పట్టింది. వచ్చాక విన్నారు. మాట ఆయనదే. కొన్ని అక్షరాల దగ్గర మాత్రం ఉన్నట్టుండి బొంగురుపోతుంది, ఆ సాయంత్రం ఆస్పత్రిలో చదివినట్టు. అది వినిపించినప్పుడల్లా కూతురు గదిలోంచి లేచి వెళ్ళిపోయేది. తండ్రి ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని ఆమెకు అనిపించేది.

ఒక ఆదివారం మైకు తన చెల్లెలికి ఫోన్ చేశాడు. టైపు చేసిన పలకరింపు వినగానే ఆమె, "ఏదో కంపెనీ వాళ్ళు, మిషను మాట్లాడుతోంది" అని ఎవరితోనో అంటూ పెట్టేసింది. మైకు భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని కాసేపటికి గానీ ఇంట్లో వాళ్ళకు తెలియలేదు. మళ్ళీ నంబరు నొక్కాడు. ఈసారి చిన్నప్పుడు ఆమెను ఉడికించడానికి పిలిచే పేరు ఒక్కటే టైపు చేశాడు.

"ఉడతా."

ఈసారి ఆమె ఫోన్ పెట్టేయలేదు.

"ఇంకోసారి అను అన్నయ్యా" అంది చెల్లెలు.